దస్తగిరి అనే పేరు

మా ఉర్దూ బడి హాజరు పట్టీలో ఒకే తరగతి కింద గౌస్, మొహిద్దీన్, ఖాదర్, జీలాని, మహబూబ్ సుభాని, దస్తగిరి అని ఆరుగురు పిల్లలున్నారు. చిత్రమేమిటంటే ఈ ఆరు పేర్లూ ఒక్కరివే. క్రీ.శ. 1166లో బాగ్దాదులో పరమపదించిన హజరత్ షేక్ అబ్దుల్ ఖాదిర్ జీలానీ వారివి. ఖాదర్ అసలు పేరులోని భాగం. జీలానీ అంటే కాస్పియన్ సముద్రపు దక్షిణపు ఒడ్డునున్న గీలాన్ సీమవారు. మిగిలినవన్నీ జనం ప్రేమతో పిలుచుకున్న బిరుదులే.

దస్తగిరి సంగతి కొంచెం విడిగా చెప్పాలి. ఆ పిల్లవాడు ఒకనాడు కళ్లనీళ్లతో వచ్చి, "సార్, నా పేరు మార్పించండి. వీధి పిల్లలు కొండా, కొండా అని ఏడిపిస్తున్నారు" అన్నాడు. వాళ్లమ్మ కూడా, పాతకాలం పేరు ఎందుకు లెండి అని దరఖాస్తు పంపింది.

ఈ పేరుకూ కొండకూ ఏ సంబంధమూ లేదు. ఫారసీలో దస్త్ అంటే చెయ్యి. మనం రోజూ వాడే దస్కత్తు, దస్తావేజు, దస్తీ అన్నీ ఆ చేతి మాటలే. గీర్ అంటే పట్టుకొనేవాడు. జహాంగీర్ అంటే లోకాన్ని పట్టినవాడు, దస్తగీర్ అంటే పడిపోయేవాని చెయ్యి పట్టుకొనేవాడు. నన్నడిగితే రెండోదే పెద్ద పని! తెలుగు నోటికి మాట చివర అచ్చు కావాలి గనుక దస్తగీర్ కాస్తా దస్తగిరి అయింది.

సాయం చేసేది అల్లాహ్ ఒక్కడే, అలాంటి పేరెందుకని కొందరు పెద్దలంటారు. ఆ చర్చ ఉలమాలకే వదిలేస్తున్నాను. రాయలసీమలో మాత్రం హిందువుల ఇళ్లలోనూ దస్తగిరి, దస్తగిరమ్మ అని పెట్టుకున్నారు. గ్యారవీ నాటి మొక్కులు వాళ్లకూ ఉన్నాయి.

అన్నలారా, అక్కలారా, ఒక్క మనవి. తండ్రి సర్టిఫికెట్లో దస్తగిర్, కొడుకు ఆధార్‌లో దస్తగిరి అని ఉంటే స్కాలర్‌షిప్పు దగ్గర తిప్పలు పడేది పిల్లలే. నేనూ ఒకసారి ఒక పిల్లవాడి పట్టీలో తప్పు రాసి, వాళ్ల నాన్నను మూడుసార్లు తిప్పించాను.

మా వాడికి అర్థం చెప్పాక పేరు బోర్డు మీద ఉర్దూలోనూ, తెలుగులోనూ రాశాడు. దరఖాస్తు ఇంకా నా మేజా సొరుగులోనే ఉంది. వాళ్లమ్మ ఏ సంగతీ చెప్పలేదు.