కొట్టుగదిలో ఉన్నదానితో: అమెరికా ఇళ్లలో కుకీ చరిత్ర

అమెరికా ఇళ్లలో కుకీ అని పిలిచేది వెన్న, పంచదార, గోధుమపిండి, గుడ్డు కలిపిన మెత్తని ముద్దను చెంచాతో తీసి, రేకు మీద చిన్న చిన్న కుప్పలుగా పెట్టి ఓవెన్‌లో కాల్చే తీపి తినుబండారం. మన బేకరీల బిస్కెట్టుకు ఇది దగ్గరి చుట్టమే అయినా, దీని చరిత్ర ఎక్కువ భాగం కర్మాగారంలో కాక ఇంటి వంటగదిలోనే నడిచింది. రెండు శతాబ్దాలకు పైగా సాగిన కాలంలో గట్టి ముద్ద జారుగా మారింది, అందులో కలిపే దినుసులు కూడా ధనియాలతో మొదలై ఎండుద్రాక్ష, ఓట్స్, వేరుశనగ, చాక్లెట్ ముక్కల దాకా మారుతూ వచ్చాయి. ఏ కాలంలో ఏ సరుకు చవకగా దొరికిందో, ఏది కరవైందో చెప్పగల సాక్ష్యాలు ఈ దినుసులే. ఇంట్లో ఉన్నదాన్ని కలిపి కాల్చే ఈ పద్ధతిని జనశ్రుతి అదృష్టం కలిసొచ్చిన పొరపాటుగా చెప్పుకుంటుంది. ఆధారాలు చెప్పేది వేరు: లేని వస్తువు స్థానంలో ఉన్న వస్తువును వాడాలంటే, లేనిది ముద్దలో ఏ పని చేస్తుందో ముందే తెలిసి ఉండాలి, ఆ జ్ఞానం అమెరికా గృహిణులకు తరతరాలుగా ఉండేది.

పదిహేడో శతాబ్దంలో హడ్సన్ నదీ తీరాన స్థిరపడిన డచ్చివారు కొత్త సంవత్సరం నాడు ఇంటికి వచ్చినవారికి పంచడానికి చిన్న తీపి రొట్టెలు చేసేవారు. 1664లో ఆ ప్రాంతం ఆంగ్లేయుల వశమైనా ఆ ఆచారమూ, డచ్చి మాట నుంచి వచ్చిన కుకీ అన్న పేరూ నిలిచాయి. అమెరికాలో పుట్టిన రచయిత్రి రాయగా అక్కడే అచ్చయిన తొలి వంటల పుస్తకంగా చరిత్రకారులు గుర్తించే అమేలియా సిమన్స్ ‘అమెరికన్ కుకరీ’ 1796లో కనెక్టికట్‌లోని హార్ట్‌ఫర్డ్‌లో వెలువడింది. అందులోని కుకీకి ఒక పౌను పంచదార పాకం, రెండున్నర పౌన్ల పిండి, నాలుగు ఔన్సుల వెన్న, పాలలో కరిగించిన రెండు చెంచాల పెర్ల్ యాష్, రెండు పెద్ద చెంచాల మెత్తని ధనియాల పొడి కావాలి. పౌను అంటే సుమారు 450 గ్రాములు గనుక, ఈ ముద్దలో వెన్న పిండిలో పదో వంతు మాత్రమే. నేటి కుకీతో పోలిస్తే ఇది గట్టి రొట్టె. సిమన్స్ క్రిస్మస్ కుకీ కూడా మొదట ఎండి గట్టిగా ఉన్నా, మట్టికుండలో పెట్టి నేలమాళిగలో ఉంచితే ఆరు నెలలకు మెత్తబడి రుచి పెరుగుతుందని ఆ పుస్తకం చెబుతుంది. సాంబారుకూ చారుకూ ధనియాలు దంచుకునే తెలుగువారికి తీపిలో ధనియాల పొడి వింతగా తోచవచ్చు గాని, జాజికాయ, దాల్చినచెక్క సముద్రాలు దాటి రావలసిన కాలంలో పెరట్లో పండే ధనియాలకు అక్కడి వంటలో గొప్ప విలువ ఉండేది.

పైన పేర్కొన్న పెర్ల్ యాష్ గురించి కొంత వివరంగా చెప్పుకోవాలి. అడవులు నరికి పొలాలు చేసుకుంటున్న ఆ దేశంలో కట్టెల బూడిదకు కొదవ లేదు. ఆ బూడిదను నీళ్లలో నానబెట్టి, వడకట్టి, మరిగించి ఇంకించగా మిగిలే క్షారాన్ని మళ్లీ కాల్చి శుద్ధి చేస్తే వచ్చే తెల్లని పొడి, అంటే పొటాషియం కార్బొనేట్, పెర్ల్ యాష్. అమెరికా ప్రభుత్వం జారీ చేసిన తొట్టతొలి పేటెంటు, 1790లో శామ్యూల్ హాప్కిన్స్ పొందినది, ఈ బూడిద క్షారాల తయారీ పద్ధతికే. పులిసిన పాలో మరో ఆమ్లమో తగిలినప్పుడు ఈ క్షారం బొగ్గుపులుసు వాయువును విడుదల చేసి ముద్దను పొంగిస్తుంది. అంతకు ముందు ముద్ద పొంగాలంటే ఈస్టుతో గంటల తరబడి పులియబెట్టడమో, గుడ్లను చేయి నొప్పిపుట్టే దాకా గిలకొట్టడమో చేయవలసి వచ్చేది. పొయ్యిలోని బూడిదను పిండిలోకి తెచ్చిన ఈ మార్పు ఐరోపా కంటే ముందే అమెరికా ముద్రిత వంట పుస్తకంలో కనిపించడం ఆ దేశపు ఇంటి వంటకు దక్కిన గౌరవం.

న్యూ ఇంగ్లండ్ అని పిలిచే ఈశాన్య రాష్ట్రాల్లో పంచదార ఖరీదైన సరుకు. చెరకు రసం నుంచి పంచదార తీయగా మిగిలే చిక్కని నల్లని పాకం, అంటే మొలాసిస్, కరీబియన్ దీవుల నుంచి ఓడల్లో పీపాల కొద్దీ వచ్చేది, అదే పేదల తీపి. ఆ పాకం వెనుక దీవుల తోటల్లో బానిసలుగా చాకిరీ చేసిన ఆఫ్రికన్ల రక్తమూ చెమటా ఉన్నాయన్న సంగతిని కుకీ చరిత్ర రాసేవారు విడిచిపెట్టకూడదు. మొలాసిస్‌కు సహజంగానే కొంత పులుపు ఉండడంతో అది క్షారంతో కలిసి ముద్దను పొంగించేది కూడా. మసాచుసెట్స్ రేవు పట్టణం మార్బుల్‌హెడ్‌లో పుట్టిన జో ఫ్రాగర్ అనే పెద్ద కుకీ ఇందుకు చక్కని ఉదాహరణ. అమెరికా విప్లవ యుద్ధంలో పాల్గొన్న ఆఫ్రికన్ అమెరికన్ జోసెఫ్ బ్రౌన్, ఆయన భార్య లుక్రీషియా నడిపిన పూటకూటి ఇంట్లో ఇది తయారైందనీ, మొలాసిస్, రమ్ముతో పాటు ఉప్పుకు బదులు సముద్రపు నీటినే వాడేవారనీ స్థానిక సంప్రదాయం చెబుతుంది. పాలూ గుడ్లూ లేకుండా చేసే ఈ కుకీ త్వరగా పాడవదు గనుక చేపల వేటకు పోయే నావికులు పీపాల్లో వెంట తీసుకుపోయేవారు.

పంతొమ్మిదో శతాబ్దంలో మూడు మార్పులు దాదాపు ఒకదాని వెంట ఒకటిగా వచ్చాయి. 1846లో జాన్ డ్వైట్, ఆస్టిన్ చర్చ్ వంటసోడాను పొట్లాలు కట్టి అమ్మడం మొదలుపెట్టాక పెర్ల్ యాష్ మూలపడింది. ఇనుప పొయ్యిలు ఇళ్లలోకి వచ్చాయి. శతాబ్దం చివరికి పంచదార ధర బాగా దిగింది. తీపీ కొవ్వూ పెరిగిన ముద్ద జారుగా మారడంతో, దాన్ని అప్పడాల కర్రతో ఒత్తి అచ్చుతో కోసే శ్రమ తగ్గి, చెంచాతో జారవిడిచే డ్రాప్ కుకీ వాడుకలోకి వచ్చింది. ఇంటివారి చొరవకు అసలైన దారి తెరిచింది ఈ పద్ధతే. ఒత్తి కోసే పలుచని పిండిలో గింజలూ పండ్ల ముక్కలూ అడ్డుపడి అంచులు చిరుగుతాయి, జారవిడిచే ముద్ద మాత్రం ఎండుద్రాక్షనైనా అక్రోటు ముక్కలనైనా ఇముడ్చుకుంటుంది. లవంగం, దాల్చినచెక్క, ఎండుద్రాక్ష, మొలాసిస్ కలిపిన హెర్మిట్లు అనే కుకీలు ఆ కాలపు కొట్టుగదిని, అంటే చలికాలానికి సరిపడా సరుకులు నిల్వచేసుకునే చల్లని గదిని, ఉన్నదున్నట్టు చూపుతాయి.

బోస్టన్ వంట పాఠశాల అధిపతి ఫ్యానీ ఫార్మర్ 1896లో ప్రచురించిన పుస్తకం చెంచానూ కప్పునూ తలకొట్టి కొలవాలని పట్టుబట్టింది. పుస్తకం అమ్ముడవుతుందన్న నమ్మకం లేని ప్రచురణకర్తలు తొలి 3000 ప్రతులను ఆమె ఖర్చుతోనే అచ్చువేశారు. అది ఆ తర్వాత లక్షల్లో అమ్ముడైంది. కచ్చితమైన కొలత ఇంటివారి స్వేచ్ఛను హరించిందని కొందరంటారు గాని, ఆ మాట నిలవదు. పునాది కొలతలు స్థిరపడిన తర్వాతే ఒక కప్పు పిండి తీసి దాని స్థానంలో ఓట్స్ వేస్తే ఏమవుతుందో గృహిణి నిక్కచ్చిగా ఊహించగలిగింది. చదునుగా నొక్కిన ఓట్స్‌ను క్వేకర్ పేరుతో పెట్టెల్లో అమ్మినవారు ఆ పెట్టెల మీదే వంట విధానాలు అచ్చువేయడంతో, గంజికి వాడే ధాన్యం కుకీలోకి చేరి స్థిరపడింది.

ఇంటి కుకీకి వీధిలో విలువ తెచ్చినవారు గర్ల్ స్కౌట్స్ సంస్థ బాలికలు. 1917లో ఓక్లహామా రాష్ట్రంలోని మస్కోగీలో ఒక దళం ఇంట్లో చేసిన కుకీలను బడిలో అమ్మి నిధులు కూడబెట్టింది. 1922లో ఆ సంస్థ పత్రిక సాదా పంచదార కుకీ విధానాన్ని ప్రచురించి, ఆరేడు డజన్లకు అయ్యే ఖర్చు 26 నుంచి 36 సెంట్లనీ, డజను 25, 30 సెంట్లకు అమ్మవచ్చనీ లెక్క చెప్పింది. పెట్టుబడికి అనేక రెట్లు తిరిగివచ్చే ఈ లెక్క, కుకీలో పెట్టిన డబ్బు విలువ ఎంత స్వల్పమో, ఇంటివారి శ్రమ విలువ ఎంత ఎక్కువో తేటతెల్లం చేస్తుంది.

కరవు కాలాలు ఈ విద్యను మరింత పదునెక్కించాయి. మొదటి ప్రపంచ యుద్ధంలో హెర్బర్ట్ హూవర్ ఆధ్వర్యంలోని ఆహార పాలనా సంస్థ వారంలో కొన్ని రోజులు గోధుమ మానమని ప్రజలను కోరినప్పుడు, ఓట్స్, బార్లీ, మొక్కజొన్న పిండి గోధుమపిండి స్థానాన్ని ఆక్రమించాయి. అదే దశకంలో దక్షిణాది రాష్ట్రాల్లో పత్తికాయ పురుగు పంటలను నాశనం చేస్తున్నప్పుడు, అలబామాలోని టస్కీగీ విద్యాసంస్థకు చెందిన జార్జ్ వాషింగ్టన్ కార్వర్, నేలలో నత్రజనిని నిలిపే వేరుశనగను పండించమని నల్లజాతి రైతులను ప్రోత్సహించారు. పంట పండితే సరిపోదు, అది ఇంట్లో తిండిగా మారాలి. ఆ దృష్టితో ఆయన 1916లో వెలువరించిన కరపత్రంలోని 105 విధానాల్లో వేరుశనగ కుకీలూ ఉన్నాయి. అనంతపురం మెట్ట నేలల్లో వేరుశనగ ఎంతమందికి ఆధారమైందో ఎరిగిన తెలుగు పాఠకులకు ఈ కార్యక్రమం లోతు సులువుగా అర్థమవుతుంది.

కుకీ చరిత్రలో అన్నిటికంటే ప్రసిద్ధమైన ఘట్టం 1930 దశకానిది, అన్నిటికంటే తప్పుగా చెప్పుకునేదీ అదే. మసాచుసెట్స్‌లోని విట్మన్ పట్టణంలో టోల్ హౌస్ అనే భోజనశాల నడిపిన రూత్ వేక్‌ఫీల్డ్, వాడవలసిన చాక్లెట్ అయిపోవడంతో మరో చాక్లెట్‌ను ముక్కలు చేసి ముద్దలో వేశారనీ, అవి కరిగి కలిసిపోతాయనుకుంటే ముక్కలుగానే మిగిలాయనీ, అలా కొత్త కుకీ పుట్టిందనీ కథ. నమోదైన ఆమె జీవిత విశేషాలు ఈ కథకు మద్దతివ్వవు. ఆమె 1924లో ఫ్రేమింగ్‌హామ్ ఉపాధ్యాయ కళాశాలలో గృహ కళల విభాగం నుంచి పట్టం పొంది, పథ్యాహార నిపుణురాలిగా పనిచేసి, 1930లో భర్త కెనెత్‌తో కలిసి ఆ భోజనశాలను ప్రారంభించారు. ఆమె చదువుకున్న గృహశాస్త్రం, మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థ నుంచి పట్టం పొందిన తొలి మహిళ ఎలెన్ స్వాలో రిచర్డ్స్ వంటి రసాయన శాస్త్రవేత్తలు వంటగదిని ప్రయోగశాలగా భావించి నిర్మించిన శాస్త్రం. తియ్యని చాక్లెట్ ముక్కను కలియబెట్టకుండా చిక్కని ముద్దలో ఉంచి కాలిస్తే అందులోని కొవ్వు కరిగినా కోకో, పంచదార కణాలు ఆకారాన్ని నిలుపుతాయని అంతటి శిక్షణ పొందిన వ్యక్తికి తెలియదనుకోవడం అన్యాయం. తమ భోజనశాలలో ఐస్‌క్రీంతో పాటు వడ్డించే పలుచని గింజల కుకీ అందరికీ నచ్చినా, మరొక కొత్త రకం అందించాలని ప్రయత్నించానని ఆమే తర్వాతి కాలంలో చెప్పారు. ఆమె పుస్తకపు 1938 ముద్రణలోని విధానం బఠానీ గింజంత చాక్లెట్ ముక్కలనూ, ఒక కప్పు గింజల ముక్కలనూ, అర చెంచా పరిమాణపు ముద్దలనూ నిర్దేశించి, వంద కుకీలు వస్తాయంటుంది. ఇంత లెక్కగా రాసిన చేతిని పొరపాటుకు ముడిపెట్టడం వెనుక, స్త్రీల వంట తెలివిని తెలివిగా ఒప్పుకోని పాత అలవాటు కనిపిస్తుంది.

1939లో నెస్లే సంస్థ ఆ విధానాన్ని తన పొట్లం మీద అచ్చువేసే హక్కు పొంది, ముందుగా గీతలు పెట్టిన చాక్లెట్ బారునూ, కొద్ది కాలానికే చిన్న బిళ్లల్లాంటి ముక్కలనూ మార్కెట్లోకి తెచ్చింది. ఒక ఇంటి ఉపాయం ఆ విధంగా కొట్టుగదిలో శాశ్వతంగా ఉండే సరుకుగా మారిపోయింది. కాని ఆ సరుకు వెంటనే కరవైంది. రెండో ప్రపంచ యుద్ధంలో 1942 మే నుంచి పంచదారకు రేషన్ వచ్చింది. తొలి కేటాయింపు మనిషికి వారానికి అర పౌను. మరుసటి ఏడు వెన్నా అదే దారి పట్టింది, చాక్లెట్‌లో అధిక భాగం సైన్యానికి పోయింది. మొక్కజొన్న పాకం, తేనె, ఖర్జూరం, ఎండుద్రాక్ష తీపినిచ్చాయి. పత్తిగింజల నూనె నుంచి తయారై 1911 నుంచే అమ్ముడవుతున్న క్రిస్కో అనే గట్టి వనస్పతి వెన్న లోటు తీర్చింది. తేనెలో నీరుంటుంది గనుక ద్రవాన్ని తగ్గించాలి, దానికి పులుపుంటుంది గనుక చిటికెడు సోడా పెంచాలి, త్వరగా మాడుతుంది గనుక మంట తగ్గించాలి. పత్రికలూ ప్రభుత్వ కరపత్రాలూ నేర్పిన ఇటువంటి నియమాలతో కాల్చిన కుకీలు డబ్బాల్లో సర్దుకుని, దూరదేశాల్లోని సైనికులకు తపాలాలో చేరాయి. పంచదార రేషన్ 1947 దాకా తొలగలేదు.

యుద్ధానంతరం సరుకులు పుష్కలమయ్యాక కూడా ఉన్నది కలిపే అలవాటు ఆగలేదు. కార్న్‌ఫ్లేక్స్, కొబ్బరి, ఓట్స్ కలిసిన రేంజర్ కుకీ, అల్మారాలో మిగిలిందల్లా వేసే కిచెన్ సింక్ కుకీ అనే రకాలు ఇంటింటా చేరాయి. 1965 వలస చట్టం తర్వాత అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో ఏలకుల పొడి, జీడిపప్పు, బెల్లం ఈ ముద్దలోకి సహజంగానే వచ్చాయి. ఇటు తెలుగునాట ఓవెన్ లేని ఇళ్లలో ప్రెషర్ కుక్కర్ అడుగున ఉప్పో ఇసుకో పరిచి, రబ్బరు తీసి మూతపెట్టి బిస్కెట్లు కాల్చడం చాలామంది చేసిందే. గుడ్డు తినని ఇళ్లలో దాని బదులు పెరుగు వేస్తారు, అది గుడ్డులా ముద్దను పట్టి ఉంచలేదు గనుక పిండి కొంచెం పెంచుతారు, బేకింగ్ పౌడరు తగ్గించి పెరుగు పులుపుకు తగినంత వంటసోడా వేస్తారు.