ఐ-లీగ్ 2016–17

ఐ-లీగ్ 2016–17 భారతదేశపు జాతీయ ఫుట్‌బాల్ లీగు పోటీలలో ఒక సీజను. 2007లో ఈ పోటీలకు ఐ-లీగ్ అనే పేరు వచ్చిన తరువాత ఇది పదవది. 1996లో ప్రారంభమైన నేషనల్ ఫుట్‌బాల్ లీగ్‌ను కూడా కలిపి లెక్కించినచో ఇరవై ఒకటవది. 2017 జనవరి 7న మొదలై ఏప్రిల్ 30న ముగిసిన ఈ పోటీలలో పది జట్లు పాల్గొన్నవి. మిజోరం రాజధాని ఐజాల్‌కు చెందిన ఐజాల్ ఫుట్‌బాల్ క్లబ్ 37 పాయింట్లతో విజేతగా నిలిచినది. కోల్‌కతాకు చెందిన మోహన్ బగాన్ 36 పాయింట్లతో రెండవ స్థానము పొందినది.

ఈశాన్య రాష్ట్రాల నుండి జాతీయ లీగును గెలిచిన మొట్టమొదటి జట్టు ఐజాల్. ముందటి సీజనులో ఈ జట్టు దిగువ విభాగానికి పడిపోయినది. గోవా జట్లు వైదొలగిన కారణముగా ఖాళీ ఏర్పడడంతో తిరిగి చోటు పొంది, ఆ వెంటనే విజేత అయినది. భారత ఫుట్‌బాల్‌లో అగ్రశ్రేణి లీగు ఏది కావలెనన్న వివాదము నడుస్తున్న కాలములో ఈ సీజను జరిగినందున, ఐజాల్ విజయము ఆ చర్చలో భాగమయినది.

నేపథ్యము

2014లో ఇండియన్ సూపర్ లీగ్ (ఐ.ఎస్.ఎల్.) ప్రారంభమైన తరువాత దేశములో రెండు లీగులు పక్కపక్కనే నడిచినవి. ఐ.ఎస్.ఎల్. తక్కువ వ్యవధిలో ముగిసే పోటీ. అందులోని జట్లకు దిగువ విభాగానికి పడిపోయే భయము లేదు. ఐ-లీగ్ అధికారికముగా దేశపు అగ్రశ్రేణి లీగు. ఆసియా స్థాయి క్లబ్ పోటీలకు దారి కూడా దీని ద్వారానే ఉండెడిది.

2016లో అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య ఒక కొత్త ప్రణాళికను క్లబ్బుల ముందు ఉంచినది. దాని ప్రకారము ఐ.ఎస్.ఎల్. మొదటి శ్రేణి అవుతుంది. ఐ-లీగ్ జట్లు దాని కింద "లీగ్ వన్", "లీగ్ టూ" అనే విభాగాలలో ఆడవలెను. కింది విభాగములో గెలిచినా ఐ.ఎస్.ఎల్.లోకి వెళ్ళే అవకాశము తొలి దశలో లేదు. దీనికి నిరసనగా గోవాకు చెందిన సాల్గావ్‌కర్, స్పోర్టింగ్ క్లబ్ డి గోవా ఐ-లీగ్ నుండి వైదొలగినవి. రెండవ విభాగమును గెలిచి పై విభాగములో ఆడే అర్హత పొందిన డెంపో కూడా తప్పుకొన్నది. డెంపో అప్పటికి ఐదు సార్లు, సాల్గావ్‌కర్ రెండు సార్లు జాతీయ లీగును గెలిచిన జట్లు. అందువలన ఈ నిష్క్రమణ లీగుకు పెద్ద లోటు అయినది.

జట్లు

ఐజాల్ జట్టు 2015–16లో తొమ్మిది జట్లలో ఎనిమిదవ స్థానములో నిలిచినది. చివరి స్థానము పుణెకు చెందిన డి.ఎస్.కె. శివాజియన్స్‌ది. అయితే శివాజియన్స్ నేరుగా ప్రవేశము పొందిన సంస్థాగత జట్టు అయినందున దిగజార్పు నిబంధన దానికి వర్తించలేదు. ఆ విధముగా దిగువ విభాగానికి పోవలసిన స్థితి ఐజాల్‌కు వచ్చినది. గోవా జట్లు తప్పుకొన్న పిమ్మట సమాఖ్య ఐజాల్‌ను తిరిగి లీగులో చేర్చుకొన్నది.

మినర్వా పంజాబ్, చెన్నై సిటీ జట్లు ఈ సీజనులో కొత్తగా ప్రవేశించినవి. 2014లో లైసెన్సు నిబంధనల కారణముగా లీగుకు దూరమైన గోవా జట్టు చర్చిల్ బ్రదర్స్ తిరిగి వచ్చినది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల నుండి ఈ సీజనులో జట్టు ఏదీ లేదు.

పాల్గొన్న జట్లు, వాటి ప్రాంతములు:

* ఐజాల్ – ఐజాల్, మిజోరం
* ఈస్ట్ బెంగాల్ – కోల్‌కతా, పశ్చిమ బెంగాల్
* చర్చిల్ బ్రదర్స్ – గోవా
* చెన్నై సిటీ – చెన్నై, తమిళనాడు
* డి.ఎస్.కె. శివాజియన్స్ – పుణె, మహారాష్ట్ర
* బెంగళూరు – బెంగళూరు, కర్ణాటక
* మినర్వా పంజాబ్ – పంజాబ్
* ముంబై – ముంబై, మహారాష్ట్ర
* మోహన్ బగాన్ – కోల్‌కతా, పశ్చిమ బెంగాల్
* షిల్లాంగ్ లాజోంగ్ – షిల్లాంగ్, మేఘాలయ

పోటీ విధానము

ప్రతి జట్టు మిగిలిన తొమ్మిది జట్లతోను రెండేసి సార్లు, ఒకసారి సొంత మైదానములో, మరొకసారి ప్రత్యర్థి మైదానములో ఆడినది. ఈ విధముగా ఒక్కొక్క జట్టుకు 18 చొప్పున మొత్తము 90 ఆటలు జరిగినవి. గెలుపునకు 3 పాయింట్లు, డ్రాకు 1 పాయింటు ఇచ్చెడివారు. నాకౌట్ దశ గాని, ఫైనల్ గాని లేదు. అన్ని ఆటలు ముగిసిన తరువాత ఎక్కువ పాయింట్లు ఉన్న జట్టే విజేత.

ఒక్కొక్క జట్టు నలుగురు విదేశీ ఆటగాళ్ళను తీసుకొనవచ్చును. వారిలో ఒకరు ఆసియా దేశానికి చెందినవారై ఉండవలెను. ఐ.ఎస్.ఎల్. 2016 డిసెంబరు 18న ముగిసిన తరువాతనే ఐ-లీగ్ మొదలైనందున, ఐ.ఎస్.ఎల్.లో ఆడిన భారతీయ ఆటగాళ్ళు అనేకులు ఇందులోను ఆడగలిగినారు.

ఐజాల్ జట్టు

ఐజాల్ ఫుట్‌బాల్ క్లబ్ 1984లో ఏర్పడినది. 2011 జనాభా లెక్కల ప్రకారము మిజోరం జనాభా సుమారు 11 లక్షలు మాత్రమే. అయినను అక్కడ ఫుట్‌బాల్‌కు ఆదరణ చాలా ఎక్కువ. 2012లో ప్రారంభమైన మిజోరం ప్రీమియర్ లీగ్ ద్వారా స్థానిక యువకులకు క్రమము తప్పక ఆడే అవకాశము లభించినది. 2014లో మిజోరం జట్టు ఫైనల్‌లో రైల్వేస్‌ను ఓడించి సంతోష్ ట్రోఫీని తొలిసారి గెలుచుకొన్నది. మరుసటి సంవత్సరము ఐజాల్ క్లబ్ రెండవ విభాగమును గెలిచి ఐ-లీగ్‌లో అడుగు పెట్టినది.

ఈ సీజనుకు ముందు ఖాలిద్ జమీల్ ఐజాల్ శిక్షకుడుగా వచ్చినాడు. కువైట్‌లో జన్మించి భారత జట్టుకు ఆడిన జమీల్, 2009 నుండి 2016 వరకు ముంబై జట్టుకు శిక్షకుడుగా పనిచేసి, అక్కడ నుండి తొలగింపబడినవాడు. ముంబైలో తన వద్ద ఆడిన ఆశుతోష్ మెహతా, జయేష్ రాణే ఐజాల్‌లోను అతని జట్టులో ఉన్నారు.

పెద్ద క్లబ్బుల వలె ఖర్చు పెట్టే శక్తి ఐజాల్‌కు లేదు. స్థానిక మిజో యువకులు, ఇతర జట్ల నుండి బయటకు వచ్చినవారు, తక్కువ పేరున్న విదేశీయులు కలిసి ఈ జట్టు తయారయినది. సిరియాకు చెందిన మధ్యశ్రేణి ఆటగాడు మహమూద్ అల్ అమ్నా ఆసియా కోటాలో ఆడినాడు. ఇతడు అంతకు ముందు, లీగు నుండి వైదొలగిన స్పోర్టింగ్ క్లబ్ డి గోవా తరఫున ఆడినవాడు. లైబీరియాకు చెందిన ఆల్‌ఫ్రెడ్ జార్యాన్, నైజీరియాకు చెందిన కింగ్‌స్లీ, ఐవరీ కోస్టుకు చెందిన కామో బాయి మిగిలిన విదేశీయులలో ముఖ్యులు. అల్బినో గోమెస్ గోల్‌కీపరు. మిజో ఆటగాళ్ళలో జోమింగ్లియానా రాల్తే, లాల్రువత్తారా, బ్రాండన్ వన్‌లాల్‌రెమ్‌డికా, విలియం లాల్‌నున్‌ఫెలా పేర్కొనదగినవారు.

సీజను విశేషములు

మొదటి రోజున ఐజాల్ జట్టు బెంగాల్‌లో ఈస్ట్ బెంగాల్‌తో 1–1 డ్రా చేసుకొన్నది. ముందటి సీజను విజేత బెంగళూరు వరుస విజయాలతో ప్రారంభించినను ఆ ఊపును నిలుపుకొనలేకపోయినది. 2016లో ఏ.ఎఫ్.సి. కప్ ఫైనల్ చేరిన తొలి భారతీయ జట్టుగా పేరు పొందిన బెంగళూరు, ఈ సీజనులో నాలుగవ స్థానముతో సరిపెట్టుకొన్నది. సీజను తొలి భాగములో ఈస్ట్ బెంగాల్ ముందంజలో ఉన్నది. తరువాత ఓటములు ఎదురై వెనుకబడినది. ఏప్రిల్‌లో ఆ జట్టు శిక్షకుడు ట్రెవర్ మోర్గాన్ రాజీనామా చేసినాడు.

కోల్‌కతాలోని సాల్ట్ లేక్ స్టేడియము 2017 అక్టోబరులో జరుగవలసిన 17 ఏళ్ళ లోపు ప్రపంచ కప్ కొరకు మరమ్మతులలో ఉన్నది. అందుచేత ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్‌ల మధ్య జరిగిన రెండు ఆటలకు సిలిగురిలోని కాంచన్‌జంగా స్టేడియము వేదిక అయినది. ఫిబ్రవరిలో జరిగిన మొదటి ఆట గోలు లేకుండా ముగిసినది. ఏప్రిల్ 9న జరిగిన రెండవ ఆటలో మోహన్ బగాన్ 2–1తో గెలిచినది. దీనితో టైటిల్ పోటీ ప్రధానముగా మోహన్ బగాన్, ఐజాల్‌ల మధ్య మిగిలినది.

చివరి రెండు ఆటలు

రెండేసి ఆటలు మిగిలి ఉండగా ఐజాల్, మోహన్ బగాన్ చెరి 33 పాయింట్లతో సమానముగా ఉన్నవి. ఏప్రిల్ 22న ఐజాల్‌లోని రాజీవ్ గాంధీ స్టేడియములో ఆ రెండు జట్లే తలపడినవి. 83వ నిమిషములో జోమింగ్లియానా రాల్తే తలతో కొట్టిన గోలుతో ఐజాల్ 1–0గా గెలిచినది. దీనితో ఐజాల్‌కు 36 పాయింట్లు వచ్చినవి.

ఏప్రిల్ 30న చివరి ఆటలు ఒకే సమయములో జరిగినవి. ఐజాల్ షిల్లాంగ్‌లో లాజోంగ్‌తోను, మోహన్ బగాన్ కోల్‌కతాలోని రవీంద్ర సరోవర్ స్టేడియములో చెన్నై సిటీతోను ఆడినవి. ఐజాల్ ఓడి మోహన్ బగాన్ గెలిచినచో రెండు జట్లు మరల 36 పాయింట్లతో సమానమయ్యెడివి. డ్రా చేసుకొన్నను ఐజాల్‌కు టైటిల్ ఖాయము. మిజోరం నుండి అభిమానులు పెద్ద సంఖ్యలో షిల్లాంగ్ చేరుకొన్నారు.

ఆట 9వ నిమిషములోనే లాజోంగ్ ఆటగాడు, కామెరూన్‌కు చెందిన ఆసెర్ పియరిక్ దిపాందా గోలు చేసినాడు. దాదాపు గంటసేపు ఐజాల్ వెనుకబడే ఉన్నది. 67వ నిమిషములో విలియం లాల్‌నున్‌ఫెలా గోలు చేసి స్కోరును 1–1గా సమము చేసినాడు. కోల్‌కతాలో మోహన్ బగాన్ 2–1తో గెలిచినను, ఈ ఒక్క గోలు కారణముగా రెండవ స్థానములోనే ఉండిపోయినది. ఆ రోజు లాజోంగ్‌కు గోలు చేసిన దిపాందా, మొత్తము 11 గోల్సుతో సీజనులో అత్యధిక గోల్సు చేసిన ఆటగాడు అయినాడు.

పాయింట్ల పట్టిక (మొదటి నాలుగు స్థానములు)

| స్థానము | జట్టు | ఆటలు | గెలుపు | డ్రా | ఓటమి | పాయింట్లు |
|---|---|---|---|---|---|---|
| 1 | ఐజాల్ | 18 | 11 | 4 | 3 | 37 |
| 2 | మోహన్ బగాన్ | 18 | 10 | 6 | 2 | 36 |
| 3 | ఈస్ట్ బెంగాల్ | 18 | 10 | 3 | 5 | 33 |
| 4 | బెంగళూరు | 18 | 8 | 6 | 4 | 30 |

మోహన్ బగాన్ రెండు ఆటలలో మాత్రమే ఓడిపోగా ఐజాల్ మూడింటిలో ఓడినది. కాని ఐజాల్ ఒక ఆట ఎక్కువ గెలిచినది. గెలుపునకు మూడు పాయింట్లు ఇచ్చే పద్ధతిలో ఆ ఒక్క గెలుపు, మోహన్ బగాన్ అదనముగా చేసుకొన్న రెండు డ్రాల కంటె ఎక్కువ విలువైనది.

చివరి స్థానము ముంబై జట్టుకు దక్కినది. ఏడు సంవత్సరాలు జమీల్ శిక్షణలో లీగులో నిలిచిన ఆ జట్టు, అతడు వెళ్ళిన మరుసటి సీజనులోనే దిగువ విభాగానికి పడిపోయినది.

విజయము యొక్క ప్రాధాన్యము

1996–97లో పంజాబ్‌కు చెందిన జె.సి.టి. మిల్స్ తొలి జాతీయ లీగును గెలిచినది. అప్పటి నుండి 2015–16 వరకు జరిగిన 20 సీజనుల టైటిళ్ళు ఈ క్రింది ప్రాంతాలకు దక్కినవి:

* గోవా – 9 (డెంపో 5, సాల్గావ్‌కర్ 2, చర్చిల్ బ్రదర్స్ 2)
* కోల్‌కతా – 7 (మోహన్ బగాన్ 4, ఈస్ట్ బెంగాల్ 3)
* బెంగళూరు – 2 (బెంగళూరు ఎఫ్.సి.)
* పంజాబ్ – 1 (జె.సి.టి. మిల్స్)
* ముంబై – 1 (మహీంద్రా యునైటెడ్)

ఇరవై టైటిళ్ళలో పదహారు గోవా, కోల్‌కతాలకే చెందినవి. ఈశాన్య రాష్ట్రాల ఆటగాళ్ళు భారత జట్టులోను, పెద్ద క్లబ్బులలోను చాలా కాలముగా ఉన్నను, ఆ ప్రాంతపు క్లబ్ ఏదీ అంతకు ముందు ఈ టైటిల్ పొందలేదు.

తదనంతర పరిణామములు

జాతీయ విజేత అయిన తమకు అగ్రశ్రేణి లీగులో చోటు ఇవ్వవలెనని ఐజాల్ యాజమాన్యము కోరినది. కాని 2017–18 ఐ.ఎస్.ఎల్.లో కొత్తగా చేరినవి బెంగళూరు, జంషెడ్‌పూర్ జట్లు. ఈ చోట్లు బిడ్ల ద్వారా కేటాయింపబడినవి. ఐజాల్ ఐ-లీగ్‌లోనే కొనసాగినది. ఆ సంవత్సరము నుండి రెండు లీగులు ఒకే కాలములో సమాంతరముగా జరిగినవి.

విజేత జట్టు ఎక్కువ కాలము కలిసి ఉండలేదు. ఖాలిద్ జమీల్, అల్ అమ్నా ఈస్ట్ బెంగాల్‌కు, కామో, కింగ్‌స్లీ మోహన్ బగాన్‌కు వెళ్ళినారు. పలువురు భారతీయ ఆటగాళ్ళు ఐ.ఎస్.ఎల్. జట్లలో చేరినారు. ఐ-లీగ్ విజేత హోదాలో ఐజాల్ 2018 జనవరిలో ఏ.ఎఫ్.సి. ఛాంపియన్స్ లీగ్ అర్హత పోటీ ఆడి, ఇరాన్‌కు చెందిన జోబ్ ఆహన్ చేతిలో 1–3 తేడాతో ఓడిపోయినది. తరువాత అదే సంవత్సరము ఏ.ఎఫ్.సి. కప్ గ్రూపు దశలో ఆడినది. ఖాలిద్ జమీల్ 2025 ఆగస్టులో భారత జాతీయ జట్టుకు శిక్షకుడుగా నియమితుడైనాడు.

ఈ సీజనులో కొత్తగా వచ్చిన రెండు జట్లే తరువాతి రెండు టైటిళ్ళను గెలుచుకొన్నవి. 2017–18లో మినర్వా పంజాబ్, 2018–19లో చెన్నై సిటీ విజేతలు.

2022–23 నుండి ఐ-లీగ్ అధికారికముగా రెండవ శ్రేణి లీగు అయినది. అయితే దాని విజేతకు ఐ.ఎస్.ఎల్. ప్రవేశము కల్పింపబడినది. ఆ సీజనులో గెలిచిన రౌండ్‌గ్లాస్ పంజాబ్ ఈ పద్ధతిలో పైకి వెళ్ళిన మొదటి జట్టు. ఇది పూర్వపు మినర్వా పంజాబే. ఆ సంవత్సరమూ, 2023–24లోనూ రెండవ స్థానము పొందిన శ్రీనిధి డెక్కన్ హైదరాబాదులో ఆడే తెలుగు ప్రాంతపు జట్టు. 2016–17లో ఆటలో గెలిచినను ఐజాల్‌కు అందని ఆ ప్రవేశము, ఆరు సంవత్సరాల తరువాత ఐ-లీగ్ విజేతకు నియమముగా లభించినది.