తారాపోర్ సేనాని

బెంగుళూరు దండు ప్రదేశమున నేడు కామరాజు పేర వ్యవహరింపబడుచున్న వీథిని వెనుకటి తరమువారు కావల్రీ రోడ్డనియే యెఱుగుదురు. హలసూరు చెరువునకు పడమట, విశాలమైన కవాతు మైదానమును నడుమ నుంచుకొని, 1809 ప్రాంతమున ఆంగ్లేయులు ఆ దండును నెలకొల్పినప్పుడు పదాతులకొక వీథియు, ఫిరంగిదళమునకొక వీథియు, రౌతులకొక వీథియు ఏర్పడి, ఆయా దళముల పేళ్లే వీథుల పేళ్లై నిలిచినవి. 1896లో ఈ దండునకే వచ్చి, ప్రాతఃకాలమున కవాతును, సాయంకాలమున పోలో ఆటను, నడుమ ఎండవేళ గిబ్బను రచించిన రోము చరిత్రను ఆశ్రయించి కాలము గడపిన నాలుగవ హుస్సారు పటాలపు పడుచు అధికారి విన్‌స్టన్ చర్చిల్, పందొమ్మిది సంవత్సరముల పిమ్మట ఇంగ్లండులో నౌకాదళమంత్రియై, కందకములను దాటి ముండ్లతీగలను త్రొక్కుకొనిపోగల భూనౌకను నిర్మించుటకు 1915 ఫిబ్రవరిలో ఒక సంఘమును నియమించినాడు. ఆ సంఘపు కృషి ఫలించి 1916 సెప్టెంబరు 15వ తేదీన ఫ్రాన్సు దేశమున సోమ్ యుద్ధరంగమందు ట్యాంకు తొలిసారి కదలెను. గుఱ్ఱమునకు రణరంగమున కాలము చెల్లజేసిన యంత్రమునకు పురుడు పోసినవారిలో ఒకడు స్వయముగా గుఱ్ఱపురౌతు కావడము చరిత్రలోని వింతలలో ఒకటి.

దండునకు ఉత్తరముగా, జయచామరాజేంద్ర నగరమున, మైసూరు లాన్సర్ల స్మారకస్తంభమున్నది. మొదటి ప్రపంచయుద్ధమున ఈజిప్టు, పాలస్తీనా దేశములలో మడిసిన మైసూరు సంస్థానపు రౌతుల కొఱకు నిలిపినది. 1918 సెప్టెంబరు 23న జోధ్‌పూరు రౌతులును మైసూరు రౌతులును బల్లెములు చేపట్టి, మరతుపాకుల కెదురుగా గుఱ్ఱములను దుమికించి హైఫా పట్టణమును పట్టుకొనిన కథ బెంగుళూరువారికి కొత్త గాదు. ఆ రెండు దళములతో ఒకే బ్రిగేడులో మూడవదిగా నడచినది హైదరాబాదు నిజాము లాన్సర్ల దళమని మాత్రము మన తెలుగువారిలోనే పలువురు మఱచినారు. ఢిల్లీ నగరమున తీన్‌మూర్తి యని ప్రసిద్ధికెక్కిన మూడు కంచువిగ్రహములు ఈ మూడు సంస్థానముల దళములకును చిహ్నములే. ఆ పిమ్మట వీరి దారులు చీలినవి. మైసూరు రౌతులు గుఱ్ఱమును విడువలేదు. 1953లో వారి దళము గ్వాలియరు, జోధ్‌పూరు మొదలగు సంస్థానముల రౌతులతో కలిసి, నేటికిని గుఱ్ఱములమీదనే యున్న 61వ కావల్రీగా మాఱెను. హైదరాబాదు లాన్సర్లు మాత్రము రెండవ ప్రపంచయుద్ధము నాటికే జీనులు దించి కవచశకటముల నెక్కిరి. ఆ శకటములయందు అక్షరాభ్యాసము చేసిన యొక పారసీక యువకుడు తరువాత భారతదేశమునకు ట్యాంకు యుద్ధవిద్యలో నొక ఒరవడి దిద్దినాడు. ఆతడు అర్దేషిర్ బుర్జోర్జీ తారాపోర్. చనవు గలవారికి ఆది.

తారాపోరు వంశీయులు తమ మూలపురుషునకు శివాజీ మహారాజు నూఱు గ్రామముల నొసగెననియు, వానిలో ముఖ్యమైన తారాపూరు గ్రామము పేరే తమకు ఇంటిపేరైనదనియు చెప్పుకొందురు. తాత కాలమునకు వారు హైదరాబాదు చేరి నిజాము కొలువున సుంకపు శాఖయందు కుదురుకొనిరి. తండ్రియు ఆ శాఖలోనే పనిచేసినవాడు, పారసీ, ఉర్దూ భాషలయందు పండితుడు. ఆది 1923 ఆగస్టు 18న బొంబాయిలో జన్మించి, ఏడవయేట పూనా నగరమునందలి సర్దార్ దస్తూర్ పాఠశాలకు పంపబడి, 1940లో అచ్చటనే మెట్రిక్యులేషను ముగించి, సైన్యమును కోరి గోలకొండలోని అధికారుల శిక్షణాలయమున చేరెను. అచ్చటి నుండి ఆతనిని బెంగుళూరునకు పంపిరి. అప్పటి బెంగుళూరు యుద్ధసన్నాహముతో క్రిక్కిఱిసియుండెను. 1940లో వెలసిన విమాన కర్మాగారమొక ప్రక్క, ఆఫ్రికాలో పట్టుబడిన ఇటలీ సైనికుల బందీశిబిరములొక ప్రక్క, నూతనాధికారులను తీర్చిదిద్దు శిక్షణాలయము మఱియొక ప్రక్క. 1942లో ఆతడు నిజాము సైన్యమందు 7వ హైదరాబాదు పదాతిదళమున సెకండు లెఫ్టినెంటుగా నియమితుడయ్యెను.

పదాతిదళము ఆతని మనసునకు పట్టలేదు. కవచశకటములు గల 1వ హైదరాబాదు లాన్సర్లలో చేరవలెనని ఆతని కోరిక. ఆ కోరిక తీరిన విధము ఆ దళమువారు కథగా చెప్పుకొనదగినది. ఒకనాడు నిజాము సేనాపతి మేజరు జనరలు ఎల్ ఎడ్రూస్ పటాలమును తనిఖీ చేయవచ్చినప్పుడు, చేతిబాంబులు విసరుట నేర్చుకొనుచున్న కొత్త సిపాయి యొకడు కీలు లాగిన బాంబును సరిగా విసరలేక తాము నిలిచిన గోతిలోనే జాఱవిడిచెను. అట్టి బాంబు ప్రేలుటకు పట్టునది కొన్ని లిప్తల కాలమే. తారాపోర్ గోతిలోనికి ఉఱికి దానిని చేతికెత్తి ఆవలికి విసరెను. అది చేయి విడువగనే గాలిలో ప్రేలి, తునకలు ఆతని ఱొమ్మున నాటుకొనెను. గాయములు మానిన పిదప సేనాపతి తన కార్యాలయమునకు పిలిపించి ప్రశంసింపగా, ఆ యువకుడు పతకమును గాని పదోన్నతిని గాని కోరక, నన్ను లాన్సర్లకు బదిలీ చేయింపుడని యడిగెను. అడిగిన సమయ మట్టిది, ఎట్లు కాదనగలరు?

ఆ దళముతో ఆతడు పశ్చిమాసియాలో యుద్ధకాలము గడపి తిరిగివచ్చెను. పిమ్మట 1948 సెప్టెంబరు వచ్చినది. 13వ తేదీన భారతసేనలు హైదరాబాదు సంస్థానమున ప్రవేశించుటయు, 17వ తేదీన నిజాము ప్రతిఘటన విరమించుటయు, 18వ తేదీన ఎల్ ఎడ్రూస్ మేజరు జనరలు జయంతనాథ చౌధురి యెదుట లొంగిపోవుటయు తెలుగువారికి చెప్పనవసరము లేదు. బాంబు దినమున తారాపోరును మెచ్చిన సేనాపతి ఆ దినమున ఖడ్గము దించినాడు. సంస్థానపు సైన్యములు రద్దుకాగా, యోగ్యులని తోచిన కొందఱధికారులను భారతసైన్యము స్వీకరించెను. వారిలో నొకడైన తారాపోర్ 1951 ఏప్రిల్ 1వ తేదీన పూనా హార్స్ అను పదునేడవ అశ్వదళమునకు మార్పబడెను. ఇక చౌధురి విషయము: ఆతడు బర్మాయుద్ధమున మదరాసు అశ్వదళముల వారసత్వము గల 16వ కావల్రీని నడపినవాడు, 1965 నాటికి భారతసేనకు ప్రధానసేనాపతియైనాడు. హైదరాబాదును లొంగదీసినవాని యాజ్ఞతో హైదరాబాదు లాన్సరొకడు శత్రుభూమిలోనికి దూసికొనిపోయిన దృశ్యమును తలచినప్పుడు, రాజ్యములు మాఱుట కన్న సైనికుని నిష్ఠ నిలుకడ గలదియని నాకు తోచును. కొందఱు దీనిని కేవలము ఉద్యోగధర్మమందురు. ఉద్యోగధర్మమునకై దినమునకు ఎనిమిది గంటలు చాలును, ప్రాణము అక్కఱలేదు.

పూనా హార్స్ సామాన్యమైన దళము గాదు. 1817లో మొదలైన పూర్వచరిత్ర దానిది. 1857 ఫిబ్రవరిలో పారసీక దేశమున ఖుషాబ్ యుద్ధమందు, తుపాకులు బారుదీర్చి చతురస్రముగా నిలిచిన పదాతులను గుఱ్ఱములతో ఛేదించి ఖ్యాతి గడించిన రౌతుల వారసులు ఆ దళమున నుండిరి. 1965 నాటికి వారి చేతిలో నున్నవి ఇంగ్లండులో తయారైన సెంచూరియన్ ట్యాంకులు. ఏబది టన్నుల బరువుగల ఆ యంత్రమునందు నలుగురుందురు: నడుపువాడొకడు, గురి చూచి పేల్చువాడొకడు, గుండ్లు నింపుచు రేడియో చూచుకొనువాడొకడు, వీరందఱికిని కన్నై పైనుండు నాయకుడొకడు. బురుజు మూత మూసికొన్నచో నాయకునికి ప్రాణము భద్రమే గాని, చిన్న అద్దపు పలకల గుండ చూచిన యుద్ధరంగము చిల్లుగవాక్షమునుండి చూచిన రథోత్సవమువలె తునకలుతునకలుగా కనబడును. అందుచేత నిజమైన నాయకుడు మూత తెఱచి, ఛాతీ వఱకు బయట నిలిచి, ధూళిలో కనబడు మెఱుపును బట్టి శత్రుని పసికట్టి, దూరమును అంచనావేసి, ఏ గుండు వేయవలెనో ఏ దిక్కున వేయవలెనో క్రిందివానికి చెప్పి, మొదటి గుండు పడిన చోటుజూచి రెండవదానిని సవరింపవలెను. దళాధిపతికి ఇదియంతయు గాక, మూడు స్క్వాడ్రనులుగా నున్న నలుబదియైదు ట్యాంకులను రేడియోలో ఒక్క గొంతుతో నడపవలసిన భారముండును. ఆ యేటి యుద్ధమున శత్రువైన పాకిస్తాను పక్షమున అమెరికావారి ప్యాటన్ ట్యాంకులుండెను. వానిలో దూరమును కొలుచు యంత్రముండెను. కాని అది వాడువాని ఓర్పును, శిక్షణను కోరునది. సెంచూరియన్‌లోనివారు కంటిచూపును, వేగమును నమ్మిరి. ఆ యేటి సెప్టెంబరు నెలలో ఈ భేదమే బ్రదుకును చావును తేల్చెను.

సియాల్‌కోటు దిక్కున భారతసేనలోని 1వ కవచవిభాగము మేజరు జనరలు రాజీందర్ సింగ్ నాయకత్వమున 1965 సెప్టెంబరు 8న సరిహద్దు దాటెను. ఈ రాజీందర్ సింగే 1948లో జోజిలా కనుమమీదికి స్టూవర్టు ట్యాంకులను ఎక్కించి లోకమును నివ్వెఱపఱచినవాడు. పూనా హార్సును, దక్షిణదేశపు సైనికులు నిండియున్న 16వ కావల్రీయు మొదటి బారున నడచినవి. గద్‌గోర్ వద్ద 25వ పాకిస్తాను కావల్రీ ఎదుర్కొనగా ఆనాడు ముందడుగు పడలేదు. దినము వ్యర్థమైనదనుటకే నేను సాహసింతును. రెండు దినములు తర్జనభర్జనలయందు గడచినవి. 11న ఫిల్లోరా గ్రామమును వెనుకనుండి చుట్టి అకస్మాత్తుగా పట్టుకొను పని పూనా హార్సునకు అధిపతియైన తారాపోరునకు ఒప్పగింపబడెను. ఆతడు ఫిల్లోరా, చవిండాల నడుమ చొఱబడునంతలో వజీర్‌వాలీ దిక్కునుండి శత్రువుల భారీట్యాంకులు దాడిచేసెను. బెదరి వెనుదిరిగియున్నచో పథకమంతయు భగ్నమయ్యెడిది. పూర్తి దళమును అటే త్రిప్పియున్నను భగ్నమే. తారాపోర్ అట్లు చేయక, దాడిని ఉన్నచోటనే తట్టుకొనుచు, ఒక్క స్క్వాడ్రనుతో పదాతిదళపు తోడ్పాటును గొని ఫిల్లోరామీదికి పోయెను. ఇట నొక మాట: సాహసమనగా ముందుకురుకుటయేయని లోకము తలచును. ఆనాటి తారాపోరు ప్రజ్ఞ ఉఱుకుటలో లేదు, ఎవరినెచ్చట నిలువబెట్టవలెనో యెఱుగుటలో నున్నది. గాయపడినవాడై వెనుకకు తరలింప వచ్చినవారిని నిరాకరించి, దళముతోడనే యుండెను.

14న వజీర్‌వాలీ చిక్కెను. 16న జస్సోరాన్, బుత్తూర్ డోగ్రాండి గ్రామములు. వీనిని పట్టుటలోని యుద్దేశము చవిండాను వెనుకనుండి మన పదాతులు కొట్టుటకు వీలు కల్పించుట. ఆ చోట్ల ట్యాంకులను ఇరుసువలె నిలిపియుంచుటకై తారాపోర్ తన శకటమునకు పలుమార్లు దెబ్బలు తగిలినను కదలలేదు. బుత్తూర్ డోగ్రాండిలో ఆతనికి తోడుగ పోరాడినది 8వ గఢ్వాల్ పదాతిదళము. దాని యధిపతి లెఫ్టినెంటు కర్నలు జిరాడ్ యూదుమతస్థుడు, ఆ యుద్ధముననే అసువులు బాసెను. పారసీకుడును యూదుడును ఒకే గ్రామపు పొలిమేరలో భారతదేశమునకై నేలకొఱగిరి. 16వ తేదీన తారాపోర్ ప్రాణాంతకముగా గాయపడి మరణించెను. వయస్సు నలుబదిరెండేండ్లు.

కొన్నినాళ్ల ముందే ఆతడు తన రెండవయధికారియైన మేజరు చీమాతో, తాను చనిపోయినచో యుద్ధభూమిలోనే దహనము చేయవలెననియు, ప్రార్థనాగ్రంథమును తల్లికి, గొలుసును భార్యకు, ఉంగరమును కుమార్తెకు, కలమును కుమారునకు చేర్చవలెననియు చెప్పియుండెనట. పారసీకుల సంప్రదాయమున శవములు అగ్నికి గాని భూమికి గాని అర్పింపబడవు. దఖ్మాలను గోపురములలో పక్షులకు విడువబడును. హైదరాబాదులోని పారసీ గృహములయందు ఈ యాచారమెంత దృఢముగా పాలింపబడుచుండెనో యెఱిగినవారికే ఆ కోరికలోని తెగువ తెలియును. పొగ లేచినచో శత్రువుల ఫిరంగులకు గురి దొఱకునని యెఱిగియు, 17వ తేదీన దళమువారు ఆతని చితిని అచ్చటనే రగిల్చిరి.

అధికారిక ప్రశస్తిపత్రము ఆ దినములలో పూనా హార్స్ సుమారు అఱువది శత్రుట్యాంకులను ధ్వంసము చేసి తొమ్మిదింటిని మాత్రము పోగొట్టుకొన్నదని పలుకుచున్నది. యుద్ధమున ఇరువైపుల లెక్కలును ఒకదానితో నొకటి పొసగుట అరుదు గనుక నేను ఆ సంఖ్యను పట్టుకొని వ్రేలాడను. చవిండా మాత్రము చిక్కలేదని నిజము చెప్పవలెను. 18, 19 తేదీల రాత్రి పదాతుల దాడి విఫలమై, 23న కాల్పుల విరమణతో యుద్ధమాగిపోయెను. తారాపోర్ సాధించినది సంపూర్ణవిజయము గాదు. ఇతరుల తప్పటడుగులచే జాఱిపోవుచున్న యొక పథకమును ఒక దళమును అదుపులో నుంచి ఆఱు దినములు నిలువబెట్టుట. ట్యాంకులను చీల్చి యిటునటు చిమ్మిన యధికారులు ఇరుపక్షములందును ఆ యుద్ధమున పలువురుండిరి. తన శకటములను ఒక్క తాటిమీద నడపినవారు కొలదిమందియే. ఆతనికి పరమవీరచక్రము లభించెను; దాని నందినవారిలో లెఫ్టినెంటు కర్నలు హోదా గలవా డాతడొక్కడే.

ఆ దళము 1971 డిసెంబరు 16న లెఫ్టినెంటు కర్నలు హనూత్ సింగ్ నాయకత్వమున అదే సియాల్‌కోటు దిక్కున, బసంతర్ యేటిని దాటి ట్యాంకులతో పోరినప్పుడు, ఇరువదియొకటేండ్ల సెకండు లెఫ్టినెంటు అరుణ్ ఖేతర్‌పాల్ ఫామగుస్తా అను పేరుగల సెంచూరియన్‌లో మరణించి, ఆ దళమునకు రెండవ పరమవీరచక్రమును తెచ్చెను. భారత కవచదళములన్నింటిలో ఆ పతకము నందినవారు ఈ యిద్దఱే.