నాటింగ్‌హాము గాలిమర



మన కళాశాలలలో గణితశాస్త్రము నభ్యసించు విద్యార్థులకు "గ్రీను సిద్ధాంతము" సుపరిచితము. ఆ గ్రీను గోధుమలు విసరి పిండి యమ్మిన వృత్తిజీవి యను సంగతి మాత్రము పాఠ్యపుస్తకములలో నరుదుగా గానవచ్చును. ఆయన నడిపిన మర యింగ్లండు దేశమందలి నాటింగ్‌హాము నగరమున, స్నెంటను గుట్టపై నేటికిని నిలిచియున్నది. శిథిలమైన దానిని ప్రజలు మరల నిలువబెట్టి తమ కూడలిగా జేసికొనిన వృత్తాంతము, చేతిపనివలన బ్రదికిన కుటుంబములవారెల్లరు తెలిసికొనదగినది.

జార్జి గ్రీను 1793వ సంవత్సరమున జన్మించెను. తండ్రి రొట్టెలు కాల్చి యమ్మువాడు. బాలుడు బడిలో జదివినది రమారమి యొక సంవత్సరమే. తొమ్మిదేండ్ల ప్రాయముననే తండ్రి పనిలో బ్రవేశించెను. 1807లో తండ్రి స్నెంటనునందు ఇటుకలతో నెత్తైన గాలిమరను గట్టించెను. గాలికి రెక్కలు తిరుగును. వానితో ఇరుసును, పండ్లచక్రములును దిరిగి తుదకు రాతిని ద్రిప్పును. క్రిందిరాయి కదలదు, మీదిరాయి తిరుగును. నడిమి రంధ్రమున బడిన గోధుమలు అంచునుండి పిండియై వెడలును. మన యింటి తిరుగలి ధర్మమును ఇదియే కదా!

ఈ మరపని చేయుచునే గ్రీను గణితమును స్వయముగా నభ్యసించెను. 1823లో నగరమందలి చందాదారుల గ్రంథాలయమున సభ్యుడయ్యెను. 1828లో విద్యుత్తునకును అయస్కాంతమునకును గణితము నన్వయించు గ్రంథమును బ్రకటించెను. దానికి 51 మంది చందాదారులు చేరి, ప్రతికి ఏడు షిల్లింగుల ఆరు పెన్సుల చొప్పున నిచ్చిరి. వారిలో గ్రంథార్థమును గ్రహింపగలిగినవారు బహు స్వల్పము. సర్ ఎడ్వర్డు బ్రాంహెడ్ అను చందాదారుడు మాత్రము దాని విలువ నెరిగి గ్రంథకర్తను బ్రోత్సహించెను.

ఇచట నొక్క సత్యమును మరువరాదు. ప్రతిభ యొక్కటియే గ్రీనును బైకి దేలేదు. 1829లో తండ్రి గతించిన పిమ్మట నాయనకు ఆస్తియు, దానివలన తీరికయు లభించెను. మరను గౌలున కిచ్చి, 1833లో నలువదియేండ్ల వయస్సున కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున విద్యార్థిగా జేరెను. 1837 గణిత పరీక్షలో నాలుగవ స్థానము నందెను. 1841లో స్నెంటనుననే మరణించెను. అప్పటికి లోక మాయనను గుర్తింపలేదు. 1845లో, తరువాత కెల్విను ప్రభువుగా బ్రసిద్ధికెక్కిన విలియం థాంసను ఆ గ్రంథమును జూచి యాశ్చర్యపడి, దానిని 1850 మొదలు 1854 వరకు జర్మను గణితపత్రికలో మరల నచ్చు వేయించెను. నేటి విద్యుచ్ఛాస్త్రమునను, పరమాణు శాస్త్రమునను ఆయన పద్ధతులు నిత్యోపయోగములు.

ఇక మర కథ. ఆవిరియంత్రములతో పోటీపడజాలక 1860 ప్రాంతముల నది యాగిపోయెను. 1947లో నగ్ని తగిలి లోపలి కొయ్యపని యంతయు దగ్ధమై, ఇటుకల గోపురము మాత్రము మిగిలెను. గ్రీనుని రూపమును దెలుపు చిత్రపటమొక్కటియు లేదు. కావున నీ గోపురమును గూలిపోనిచ్చినచో నాయన జీవించిన తీరును జూపు సాక్ష్యము నశించియుండెడిది. అభిమానులు స్మారకనిధిని నెలకొల్పి ద్రవ్యము గూర్చిరి. 1979లో మర నగరపాలక సభవారి యధీనమయ్యెను. క్రొత్త రెక్కలును, క్రొత్త కప్పును, లోపలి యంత్రములును అమర్చబడినవి. 1985లో ప్రజలకు దలుపులు తెరచిరి; 1986లో రెక్కలు మరల దిరిగెను. 1993లో, ఆయన జన్మించి రెండువందల యేండ్లు నిండిన సందర్భమున, వెస్టుమినిస్టరు దేవాలయమున ఆయన పేర శిలాఫలకము నెలకొల్పిరి.

ఆ మరను జూడదగిన బొమ్మగా మాత్రము నిలుపలేదు. గాలి యనుకూలించినపుడు గోధుమలు విసరి పిండి యమ్ముచున్నారు. ప్రక్కనే విజ్ఞానశాల గలదు. పిల్లలు రాతి తిరుగుడు జూచి, ఆ ఆవరణముననే విద్యుత్తు, అయస్కాంతముల ప్రయోగములు చేయుదురు. స్వచ్ఛంద సేవకులు పనిలో తోడ్పడుదురు. ఒకప్పుడు ధాన్యము విసరుకొనుటకు జనులు చేరినచోట నేడు చదువునకై చేరుచున్నారు.

మన గ్రామములలోను గానుగశాలలు, మగ్గపు కొట్టములు, పాత పిండిమరలు పాడుపడుచున్నవి. అన్నిటిని నిలుపుట సాధ్యము కాదు. కాని యూరికొక్కటియైన నిలిపి, అందలి పనిముట్టును నడిపించి, అచట పాటుపడినవారి పేర్లు వ్రాయించి, ప్రక్కన పిల్లల కొక పఠనమందిరము నేర్పరుపవచ్చును. వృత్తి చిన్నదని సిగ్గుపడు బాలునకు ఆ గది చెప్పగల ధైర్యము నుపన్యాసము చెప్పజాలదు. గ్రీనునకు గ్రంథాలయమును, తీరికయు, ఒక్క గుణగ్రాహియు దొరకినందుననే లోకమున కాయన దక్కెను. ఆ మూడింటిని మన పిల్లలకు సమకూర్చుట మన విధి.