మీట నుండి అద్దపు తెర వరకు

ఉద్దానపు తీరమున అక్కుపల్లి యను గ్రామము కలదు. శ్రీకాకుళము జిల్లా వజ్రపుకొత్తూరు మండలమునకు చెందిన యీ యూరికి ఒకవైపు సముద్రము, మరియొకవైపు జీడి, కొబ్బరి తోటలు. ఆ యూరి యొక యింటి వసారాలో కొలది సంవత్సరముల క్రిందట మేము చూచిన చిన్న సంగతితో ఈ ప్రసంగమును ప్రారంభింతుము.

ఆ వసారా గోడకు ఏడంగుళముల అద్దపు తెర యొకటి బిగించియుండెను. దాని వెనుక అరచేతిలో ఇముడు కంప్యూటరు. నగరమున ఉద్యోగము చేయు మనుమడు సెలవులకు వచ్చి అమర్చిపెట్టినది. పాత సినిమా పాటలు, హరికథలు, ఇంటి పెండ్లిండ్ల వీడియోలు అందుండెను. అన్నిటికంటె ముఖ్యముగా, కీర్తిశేషులైన తాతగారు ఒకప్పుడు క్యాసెట్టులో పాడిన రెండు భజనలు పదిలపరచబడియుండెను. మామ్మగారు తెర యెదుట నిలిచి చూపుడు వ్రేలితో నొక్కిరి. తెర పలుకలేదు. మరల నొక్కిరి. పలుకలేదు. "ఏటిరా బాబూ, నా ఏలు దీనికి ఆనదేటి?" అనిరి. మనుమడు "ఇలాగ మామ్మా" అని తాకగానే తాతగారి గొంతు వినవచ్చినది. ఆమె సంతోషింపలేదు. తన భర్త గొంతు వినుటకు మరియొకరి వ్రేలు అరువు తెచ్చుకొనవలసి వచ్చెనన్న చిన్నతనము ఆమె మోమున కనబడినది.

ఆమె ఇరువది సంవత్సరములకు పైగా పలాస ప్రాంతమున జీడిగింజలు కొట్టి, పప్పు తీసి జీవించినవారు. జీడిగింజ పెంకులోని నూనె చర్మమును కాల్చును, నల్లబరచును. ఏండ్ల తరబడి ఆ పని చేసిన వారి వ్రేళ్ళ కొనలు బిరుసెక్కి, తడి లేక, మొద్దుబారి యుండును. ఆమె ప్రశ్న ఆ తెర నొక్కదానినే కాక, ఇంటి వినోద యంత్రమును ఏర్పరచిన వారందరిని అడిగిన ప్రశ్నగా మాకు తోచినది. దానికి బదులు చెప్పవలెనన్నచో, మన యిండ్లలోని వినికిడి యంత్రములకును మన చేతివ్రేళ్ళకును గల సంబంధము ఎట్లు పెరిగివచ్చెనో తెలిసికొనవలెను.

మన ప్రాంతమున ఈ సంబంధము రేడియోతో మొదలైనది. మద్రాసు ఆకాశవాణి కేంద్రము 1938లోను, పొరుగుననున్న కటకము, మన విజయవాడ కేంద్రములు 1948లోను, విశాఖపట్టణ కేంద్రము 1963లోను ప్రారంభమైనవి. నాటి వాల్వు సెట్టునకు రెండు మూడు మీటలుండెడివి. ఒకటి ధ్వనిని పెంచుటకు, ఒకటి స్టేషను త్రిప్పుటకు, మరియొకటి బ్యాండు మార్చుటకు. మీట త్రిప్పినచో క్లిక్కుమని సెట్టు మేల్కొనును. వాల్వులు వేడెక్కువరకు ఓపిక పట్టవలెను. పిదప అద్దముపై ముద్రించిన అంకెలమీదుగా ముల్లు జరుగును. గరగర శబ్దము తగ్గి, మాట స్పష్టమైన చోట వ్రేలు ఆగును.

ఈ యేర్పాటులో ఒక గొప్ప గుణము కలదు. ఏ మీట దేనికో చీకటిలో సహితము తడిమి తెలిసికొనవచ్చును. తడిచేయి, పొడిచేయి అను భేదము దానికి లేదు. వల లాగి వచ్చిన ఉప్పుచేతికిని, జీడి కొట్టిన నల్లచేతికిని, పలక పట్టిన పసిచేతికిని ఆ మీట సమానముగా లొంగెడిది. చదువు రానివారు కూడ ముల్లు ఏ గీటువద్ద నిలిచినపుడు తమ స్టేషను పలుకునో గురుతు పెట్టుకొనెడివారు.

అయితే ఎప్పుడు ఏమి వచ్చునో రేడియో పెట్టె తనంత తాను చెప్పలేదు. ఆ పని కార్యక్రమ పత్రికలు చేసెడివి. తెలుగున 'వాణి', తమిళమున 'వానొలి', బెంగాలీలో 'బేతార్ జగత్', ఉర్దూలో 'ఆవాజ్' వెలువడుచుండెడివి. ఇంటి పెద్ద పత్రిక తెరచి, నచ్చిన కచేరికి పెన్సిలుతో గీటు పెట్టుకొని, వేళకు మీట త్రిప్పెడివాడు. కన్ను కాగితముపై ఎన్నుకొనును, వ్రేలు పెట్టెపై అమలుజరుపును. నేటి తెరపై కనబడు పాటల పట్టిక ఆ పత్రికా పుటకు వారసురాలే. భేదమేమనగా, ఇప్పుడు కాగితమును పెట్టెయు ఒకే అద్దమున కలిసిపోయినవి. పట్టికలోని పేరును తాకినచో పేరే పాటగా మారును.

వ్రేలి కదలికకును గురికిని గల సంబంధమును శాస్త్రీయముగా కొలిచిన వాడు అమెరికా మనస్తత్త్వ శాస్త్రజ్ఞుడు పాల్ ఫిట్స్. ఆయన 1954లో ప్రకటించిన నియమమును సామాన్య భాషలో ఇట్లు చెప్పవచ్చును: గురి ఎంత దూరముగను, ఎంత చిన్నదిగను ఉన్నచో దానిని చేరుటకు అంత ఎక్కువ కాలము పట్టును. సూదిలో దారమెక్కించు ప్రతి తల్లికిని తెలిసిన సత్యమే యిది. తెరలపై బొమ్మలు దిద్దువారికి ఇది నేటికిని మూలసూత్రము.

ఆ కాలముననే వ్రేలు పెట్టెకు దూరమగుట మొదలైనది. అమెరికాలోని జెనిత్ సంస్థ 1955లో కాంతితోను, 1956లో చెవికి వినబడని ధ్వనితోను పనిచేయు రిమోటులను టెలివిజనుకు సమకూర్చెను. మన హైదరాబాదు దూరదర్శన్ కేంద్రము 1977లో ప్రారంభమైనది. మన యిండ్లకు రిమోటు చేరుటకు మరికొంత కాలము పట్టినది. రిమోటుతో చూపరి కుర్చీలోనే కూర్చుండి, పది అడుగుల దూరమునుండి ఆజ్ఞాపింపగలిగెను.

ఇక తాకుడు తెర కథ వేరొక చోట, వేరొక అవసరమునకు పుట్టినది. 1965లో ఇంగ్లండున మాల్వర్న్ పట్టణములోని రాయల్ రాడార్ సంస్థలో ఇ. ఎ. జాన్సన్ అను ఇంజనీరు, విమానముల రాకపోకలను నియంత్రించువారి కొరకు, వ్రేలు తగిలినచో విద్యుదావేశపు మార్పును గుర్తించు తెరను ప్రతిపాదించెను. అమెరికాలో శామ్యూల్ హర్స్ట్ బృందము 1970 దశకపు తొలి సంవత్సరములలో వేరొక మార్గము త్రొక్కినది. పలుచని రెండు పొరలు నొక్కుడుకు ఒకదానికొకటి తగిలినచో స్థానము తెలియును. ఇల్లినాయ్ విశ్వవిద్యాలయపు ప్లేటో బోధనాయంత్రము 1972లో తెర యంచుల వెంబడి కంటికి కనబడని కిరణముల నేర్పరచెను. వ్రేలు అడ్డువచ్చిన చోటు ఏదో యంత్రమే కనిపెట్టును. జెనీవా చెంతనున్న సెర్న్ పరిశోధనశాలలో బెంట్ స్టుంపె, ఫ్రాంక్ బెక్ 1970 దశకముననే ఒక మహాయంత్రమును నడుపుటకు స్పర్శతో పనిచేయు పారదర్శకమైన మీటలను సమకూర్చిరి.

ఈ మార్గములలో రెంటిని పోల్చినచో మామ్మగారి ప్రశ్నకు సగము సమాధానము దొరకును. నొక్కుడు పొరల తెరకు వ్రేలెట్టిదైనను ఒకటే. గోటితో నొక్కినను, పుల్లతో నొక్కినను పలుకును. కిరణముల తెరకును అంతే. విద్యుదావేశపు తెర అట్లు కాదు. వ్రేలి చర్మము గుండ స్వల్పముగా ఆవేశము ప్రసరించిననే దానికి స్పర్శ తెలియును. చర్మము మిక్కిలి ఎండి, దళసరియైనచో సంకేతము బలహీనపడును. ఉప్పునీరు తెరపై నిలిచినచో వ్రేలు ఏదో, నీటి బొట్టు ఏదో తెలియక తికమకపడును. అయినను 2007లో ఐఫోను వెలువడిన పిమ్మట ఈ తెరయే జగమును గెలిచినది. అద్దము నిగనిగలాడును, గట్టిగా నొక్కనక్కరలేదు, ఒకేసారి పలువ్రేళ్ళను గుర్తించును. ఇవన్నియు నిజమైన మేళ్ళే. కాని గెలిచిన మార్గము వ్రేళ్ళ విషయమున మిక్కిలి ఎంపికగలది యన్న సంగతి జీడితోటల ప్రాంతమునకు వచ్చిన తరువాతనే మాకు బోధపడినది.

ఇంటి వినోద కేంద్రమను సాఫ్ట్‌వేరు 2002 ప్రాంతమున రూపొందినది. ఆ సంవత్సరము మైక్రోసాఫ్ట్ తన మీడియా సెంటరును విడుదలచేసెను. ఆ సంవత్సరముననే ఎక్స్‌బాక్స్ ఆటపెట్టెపై పాటలు, చిత్రములు నడుపుటకు కొందరు ఔత్సాహికులు తయారుచేసిన కార్యక్రమము, ఎక్స్‌బీఎంసీ యను పేరుతో పెరిగి, 2014లో కోడి యను నామమును ధరించినది. ఇది మూలము అందరికిని తెరచియుంచిన స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు. 2012లో వెలువడిన రాస్ప్‌బెరీ పై యను చౌక కంప్యూటరు దీనిని నడుపగలుగుటతో, సామాన్య గృహములకు కూడ ఇట్టి పెట్టె అందుబాటులోనికి వచ్చినది. దానికి తగిన ఏడంగుళముల తాకుడు తెర 2015లో వచ్చెను.

అయితే ఈ కార్యక్రమములన్నియు పది అడుగుల దూరమునుండి రిమోటుతో చూచుటకు దిద్దబడినవి. రిమోటుతో నడచు తెరపై ఒక వెలుగుగళ్ళ గుర్తు గడి నుండి గడికి బాణపు గుర్తులను బట్టి జరుగుచుండును. వ్రేలికి ఆ గుర్తుతో పనిలేదు, అది నేరుగా గురిపై వ్రాలును. రిమోటుపై 'వెనుకకు' మీట కలదు. తాకుడు తెరపై దానిని బొమ్మగా గీయనిచో లోనికి పోయినవాడు బయటికి రాలేడు. పైగా చేయి తాకుచున్న చోటునే కప్పివేయును. గోడమీది తెరకు చాల సేపు చేయెత్తి యుంచినచో భుజము లాగును. కనుక కేవలము అక్షరములను పెద్దవి చేసినంత మాత్రమున రిమోటు తెర తాకుడు తెర కాజాలదు. కోడి కర్తలు దీనిని గ్రహించి 2017లో పదునేడవ కూర్పుతో ఎస్టూషీ యను వేరొక తొడుగును తాకుడు తెరల కొరకే చేర్చిరి.

గడి ఎంత యుండవలెను? బొటనవ్రేలితో తాకు గురి సుమారు 9.2 మిల్లీమీటర్లకు తగ్గరాదని 2006లో ఒక పరిశోధన తేల్చినది. ఆండ్రాయిడ్ సూచనలు కూడ దాదాపు 9 మిల్లీమీటర్లనే చెప్పును. ఇవి కనీసపు కొలతలు. వణకు చేతికి, మొద్దుబారిన వ్రేలికి ఇంతకు రెట్టింపు కావలెను.

మన లిపికి మరియొక చిక్కు కలదు. ఆంగ్లాక్షరములు ఒకే గీతపై సాగును. మన అక్షరములకు పైన గుడులు, క్రింద వత్తులు. 'రాష్ట్రము', 'స్త్రీ' వంటి మాటలు ఆంగ్లమునకు కొలిచిన గడిలో పెట్టినచో వత్తులు తెగిపోవును. అక్షరము సంకోచించినచో పెద్దల కన్ను ఆనదు. యూనికోడ్ ప్రమాణము తొలి కూర్పు నుండియే, అనగా 1991 నుండియే, తెలుగునకు స్థానమిచ్చినది. అయినను 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' యను ఒక్క తెలుగు అక్షరము వచ్చినంతనే ఐఫోనులలోని కార్యక్రమములు కూలిపోయిన సంగతి పలువురకు జ్ఞాపకముండును. ఆపిల్ సంస్థ కొలది దినములలో దానిని సరిదిద్దెను. తెరను దిద్దువారు మన అక్షరమును ముందుగా పరీక్షింపనిచో ఏమగునో దానివలన తెలిసినది.

ఆ సంవత్సరముననే అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస చెంత తీరము దాటెను. ఉద్దానపు కొబ్బరి, జీడి తోటలు నేలకూలినవి, విద్యుత్ స్తంభములు ఒరిగినవి. కరెంటు లేని చోట గోడమీది అద్దము వట్టి అద్దమే. అట్టి రాత్రి రెండు బ్యాటరీలతో పలుకు చిన్న ట్రాన్సిస్టరు విలువ చెప్పనలవి కాదు. కొత్తది వచ్చినదని పాతదానిని పారవేయరాదనుటకు ఇంతకంటె నిదర్శనము వేరొకటి కావలెనా?

ఈ పాఠమును అగ్రరాజ్యములు కూడ నేర్చుకొనినవి. 2017లో జాన్ ఎస్. మెక్కెయిన్ అను అమెరికా యుద్ధనౌక సింగపూరు చెంత ఒక వర్తకపు ఓడను ఢీకొని పది మంది నావికులు మరణించిరి. చిక్కులతో గూడిన తాకుడు తెరల యేర్పాటు కూడ కారణములలో నొకటియని విచారణలో తేలెను. ఆ మీదట 2019లో అమెరికా నౌకాదళము వేగమును నియంత్రించుటకు చేతికి తగులు మీటలను మరల అమర్చ నిశ్చయించెను.

మరల అక్కుపల్లి వసారాకు వత్తము. మా సంభాషణ విన్న మనుమడు మరుసటి సెలవులలో మూడు మార్పులు చేసెను. విద్యుదావేశపు తెరను తీసి నొక్కుడు పొరల తెరను బిగించెను. మొదటి పుటలో ఇరువది గడులకు బదులు నాలుగే యుంచి, తాతగారి భజనలకు పేరు వ్రాయక ఆయన ఛాయాచిత్రమునే గడిగా పెట్టెను. తెర ప్రక్కన ధ్వనిని హెచ్చించు నిజమైన మీట నొకదానిని అమర్చెను. మామ్మగారు బొమ్మను నొక్కి, మీటను త్రిప్పి, పీట వేసికొని కూర్చుండిరి. ఆ భజన ముగియువరకు ఎవరును మాటలాడలేదు.

కావున శ్రోతలకు మా మనవి యొకటే. ఇంటికి ఇట్టి యంత్రమును తెచ్చునపుడు, అమర్చిన వాని వ్రేలితో పరీక్షించి తృప్తిపడకుడు. ఇంటిలో అందరికంటె పెద్దవారిని, అందరికంటె ఎక్కువ కాయకష్టము చేసినవారిని పిలిచి మొదట తాకుమనుడు. వారి వ్రేలికి పలికినచో అది ఇంటిల్లిపాదికిని పలుకును.