రెండు పళ్లు లేని చక్రం

మే నెల. నిర్మల్ నుంచి ఆదిలాబాద్ పోయే ఘాట్ మీదనో, రామగుండం ఓపెన్‌కాస్టు గనుల పక్క రోడ్డు మీదనో మంచిగా పోతున్న కారు ఉన్నట్టుండి ఆగిపోతుంది. దగ్గదు, జెర్కులివ్వదు, పొగ వదలదు. సెల్ఫ్ కొడితే ఇంజన్ తిరుగుతుంది కాని అందుకోదు. బానెట్ ఎత్తి, చెట్టు నీడన అరగంట కూర్చుని, మళ్లీ తాళం తిప్పితే ఏమీ ఎరగనట్టు స్టార్టవుతుంది. ఇంకో ముప్పై కిలోమీటర్లు పోయాక మళ్లీ అదే కథ. "వేడెక్కితే బంద్ అయితుంది అన్నా, సల్లవడితే నడుస్తది" అని డ్రైవరు చెప్పిన ఆ ఒక్క మాటతోనే కరీంనగర్, మంచిర్యాలల్లో చేయి తిరిగిన మెకానిక్‌కు అనుమానం క్రాంక్ సెన్సార్ మీదికి పోతుంది. స్కానర్ తగిలిస్తే తెర మీద చాలాసార్లు కనిపించేది పి0335.

ఈ ఒక్క అక్షరం, నాలుగు అంకెల వెనక నూట నలభై ఏళ్లకు పైబడిన కథ ఉంది. అందులో బంగారు రేకు ఉంది, అనాసపండు ఉంది, టైపు చేసే మీటల పలక ఉంది. మొదలుపెట్టినవాడికి మాత్రం కార్లతో ఏ సంబంధమూ లేదు. అప్పటికి పెట్రోలు కారే పుట్టలేదు.

1879. అమెరికాలోని బాల్టిమోర్‌లో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయం పెట్టి మూడేళ్లే అయింది. రెండేళ్లు బడిలో పనిచేసి, ఫిజిక్స్ మీద మనసుపడి వచ్చిన ఎడ్విన్ హాల్ అక్కడ పరిశోధక విద్యార్థి. వయసు ఇరవై మూడు. మాక్స్‌వెల్ రాసిన విద్యుదయస్కాంత గ్రంథం చదువుతుండగా ఒకచోట అతని చూపు ఆగిపోయింది. కరెంటు పారుతున్న తీగను అయస్కాంతం దగ్గర పెడితే తీగ పక్కకు జరుగుతుంది. ఆ తోపుడు తీగ మీదనే పనిచేస్తుంది తప్ప లోపల పారే కరెంటు మీద కాదని మాక్స్‌వెల్ తేల్చేశాడు. హాల్‌కు అది మింగుడుపడలేదు. కరెంటు లేకపోతే ఆ తీగను అయస్కాంతం పట్టించుకోనే పట్టించుకోదు. అలాంటప్పుడు కరెంటు మీద ప్రభావమే లేదని ఎలా అనుకోవాలి? దానికి తోడు ఎడ్లండ్ అనే స్వీడన్ శాస్త్రవేత్త వ్యాసం ఇందుకు విరుద్ధంగా ఉంది. ఇద్దరు పెద్దల మాట కలవలేదు.

వెళ్లి గురువు హెన్రీ రోలండ్‌ను అడిగాడు. మాక్స్‌వెల్ మాట మీద తనకూ అనుమానమే ఉందని, ఒకసారి హడావుడిగా ప్రయోగం చేసి చూశానని, ఏమీ తేలలేదని రోలండ్ చెప్పాడు. గురువు ఓడిన చోటే శిష్యుడు మొదలుపెట్టాడు.

హాల్ మొదటి ఆలోచన సూటిగానే ఉంది. అయస్కాంతం కరెంటును తీగలో ఒక పక్కకు లాగితే, పారే దారి ఇరుకవుతుంది కాబట్టి నిరోధం పెరగాలి. జర్మన్ సిల్వర్ తీగను చుట్టగా చుట్టి, బలమైన విద్యుదయస్కాంతం ధ్రువాల మధ్య పెట్టి, ఓపికగా కొలిచాడు. నిరోధంలో తేడా లేదు. అక్కడితో వదిలేసినా తప్పుపట్టేవాళ్లు లేరు. అతను ప్రశ్నను తిప్పి చూశాడు. కరెంటు పక్కకు జరగాలని చూస్తోంది గాని జరగలేకపోతోందేమో! అలాగైతే లోపల అడ్డంగా ఒక ఒత్తిడి పుట్టి ఉండాలి. నిలువునా పారే కరెంటును వదిలేసి, ఎడమ అంచుకూ కుడి అంచుకూ మధ్య వోల్టేజీ ఉందేమో చూడాలి. రోలండ్ చేసి విఫలమైన ప్రయోగం సరిగ్గా ఇదే. ఆయన వాడిన మందపాటి లోహపు పలక మౌనమే పాటించింది. హాల్ దాన్ని మళ్లీ చేయడానికి పూనుకున్నాడు.

అప్పుడు రోలండ్ ఒక సలహా ఇచ్చాడు: పలక బదులు గాజు మీద అంటించిన బంగారు రేకు వాడి చూడు. కథ మొత్తం ఇక్కడే మలుపు తిరిగింది. రేకు ఎంత పలచనైతే అడ్డంగా పుట్టే వోల్టేజీ అంత పెరుగుతుంది. మందపాటి పలకలో అది గాల్వనామీటర్‌కు అందనంత చిన్నది. 1879 అక్టోబరు 28న బంగారు రేకుతో ముల్లు కదిలింది. కదిలి వెనక్కి రాలేదు, నిలబడింది. అయస్కాంతం దిశ మారిస్తే ముల్లు రెండో వైపుకు తిరిగింది. అప్పటికి మాక్స్‌వెల్ కేంబ్రిడ్జిలో అవసాన దశలో ఉన్నాడు, నవంబరు 5న కన్నుమూశాడు. ఎలక్ట్రాన్ సంగతి లోకానికి తెలియడానికి ఇంకా పద్దెనిమిదేళ్లు పట్టింది. అంటే ఏది పక్కకు జరుగుతోందో తెలియకుండానే హాల్ దాని జరుగుడును పట్టుకున్నాడు.

తర్వాత దాదాపు డెబ్భై ఏళ్లు ఈ విషయం ప్రయోగశాలల్లోనే ఉండిపోయింది. లోహాల్లో పుట్టే ఆ వోల్టేజీ మరీ అల్పం, దానితో ఏ పనీ చేయించలేరు. 1950ల మొదట్లో జర్మనీలో సీమెన్స్ సంస్థలో పనిచేసే హైన్‌రిష్ వెల్కర్ ఇండియం యాంటిమొనైడ్ వంటి కొత్త అర్ధవాహకాలను తయారుచేశాక గాని అది లెక్కకు వచ్చేంత పెద్దది కాలేదు. 1968లో అమెరికాలో హనీవెల్ వాళ్లు సిలికాన్ చిప్‌లోనే హాల్ సెన్సార్‌ను ఇమిడ్చి కీబోర్డు చేశారు. ప్రతి మీట కింద ఒక చిన్న అయస్కాంతం, దాని ఎదుట ఒక చిప్. మీట నొక్కితే ఏదీ దేనికీ తగలకుండానే సంకేతం పుడుతుంది. తగలకపోతే అరుగుదల లేదు. కార్లవాళ్లకు కావలసింది అచ్చంగా అదే.

ఎందుకంటే అప్పటి కారులో తగులుడే పెద్ద తలనొప్పి. పిస్టన్ పైకి వచ్చే సమయానికి స్పార్కు పడాలి. ఆ సమయం చెప్పేది డిస్ట్రిబ్యూటర్‌లోని పాయింట్లు. 1910ల నాటికి చార్లెస్ కెటరింగ్ కుదిర్చిన ఈ ఏర్పాటే మన అంబాసిడర్, ఫియట్‌ల దాకా వచ్చింది. పాయింట్లు కాలతాయి, గుంటలు పడతాయి, సందు మారిపోతుంది. ఫీలర్ గేజ్ పెట్టి సందు సరిచేసి, చెవితో విని టైమింగ్ తిప్పడం అప్పటి మెకానిక్ విద్య. ఆ విద్యతోనే ఎన్నో బళ్లు దశాబ్దాలు నడిచాయి. మార్చాల్సిన అవసరం ఇంజన్ లోపలినుంచి రాలేదు, బయట గాలిలోంచి వచ్చింది.

1943 జూలైలో లాస్ ఏంజెలస్ మీద కళ్లు మండించే పొగమంచు కమ్మింది. యుద్ధకాలం కదా, జపాన్ విషవాయువు వదిలిందని కొందరు భయపడ్డారు. అసలు దోషి ఎవరో ఏళ్ల తరబడి తేలలేదు. అక్కడికి దగ్గర్లోని కాల్టెక్‌లో ఆరీ హాగెన్-స్మిట్ అనే డచ్ రసాయన శాస్త్రవేత్త అనాసపండుకు ఆ రుచీ వాసనా ఎక్కడివో తేల్చే పనిలో ఉన్నాడు. పండు వాసనను చల్లబరిచి ద్రవంగా పట్టే పరికరాలు అతని దగ్గర సిద్ధంగా ఉన్నాయి. వాటితోనే ఊరి గాలిని పట్టి చూశాడు. కార్ల పొగ, చమురు శుద్ధి కర్మాగారాల ఆవిర్లు ఎండలో కలిసి ఓజోన్‌గా మారుతున్నాయని తేల్చాడు. వంచిపెట్టిన రబ్బరు ముక్క ఆ గాలిలో ఎంతసేపటికి పగుళ్లు తీస్తుందో చూసి ఓజోన్ ఎంత ఉందో అంచనా వేసేవాడు. చమురు కంపెనీల డబ్బుతో పనిచేసే పరిశోధకులు అతని మాటను కొట్టిపారేశారు. నా దృష్టిలో ఈ కథకు వాళ్లు చేసిన మేలు అదే. ఆ తిరస్కారానికి ఒళ్లు మండి ఆయన అనాసపండును పక్కన పెట్టి పూర్తిగా పొగ వెంట పడ్డాడు. కాలిఫోర్నియా వాయు వనరుల మండలికి మొదటి అధ్యక్షుడు కూడా అయ్యాడు.

1970లో అమెరికా స్వచ్ఛ వాయు చట్టం గట్టిగా బిగిసింది. పొగను శుభ్రం చేసే కన్వర్టర్ బాగా పనిచేయాలంటే ఒక వంతు పెట్రోలుకు 14.7 వంతుల గాలి, దాదాపు ఆ లెక్కనే కలవాలి. కార్బురేటర్ స్క్రూ తిప్పి ఆ లెక్కను నిలబెట్టడం ఎవరి వల్లా కాదు. కంప్యూటర్ కావాలి. ఆ కంప్యూటర్‌కు మొదట తెలియాల్సింది పిస్టన్ ఇప్పుడు ఎక్కడుందన్నది. ఇంజన్ నిమిషానికి 3000 చుట్లు తిరిగితే సెకనుకు 50 చుట్లు. పిస్టన్లు తిప్పే ఇరుసు, అంటే క్రాంక్, ఒక డిగ్రీ కదలడానికి పట్టేది సెకనులో పద్దెనిమిది వేలవ వంతు.

జర్మనీలో బాష్ సంస్థ 1979లో బీఎండబ్ల్యూ 732ఐ కారులో మోట్రానిక్ అనే ఏర్పాటు తెచ్చింది. ఇంధనాన్నీ స్పార్కునూ ఒకే కంప్యూటర్ నడిపింది. హాల్ గాల్వనామీటర్ ముల్లు కదిలిన నూరేళ్లకు! తర్వాతి కాలంలో చాలా ఇంజన్లలో స్థిరపడ్డ పద్ధతి ఏమిటంటే, క్రాంక్‌కు ఒక పళ్ల చక్రం. అరవై పళ్లకు చోటు పెట్టి రెండు పళ్లు కావాలనే వదిలేస్తారు, ఉండేవి యాభై ఎనిమిది. ఎదుట సెన్సార్. ఒక్కో పన్ను దాటినప్పుడల్లా ఒక దెబ్బ. ఆ రెండు పళ్ల ఖాళీ వచ్చినప్పుడు కంప్యూటర్‌కు చుట్టు ఎక్కడ మొదలైందో అర్థమవుతుంది, డప్పు దరువులో ఒక దెబ్బ ఆపితే ఆడేవాళ్లకు తమ అడుగు తెలిసినట్టు. లేని పళ్లతో చోటు చెప్పించడం ఈ కథలో నాకు అన్నిటికంటే నచ్చిన తెలివి.

అయినా ఒక చిక్కు మిగిలింది. ఫోర్‌స్ట్రోక్ ఇంజన్‌లో ఒక పూర్తి వరసకు క్రాంక్ రెండు చుట్లు తిరుగుతుంది. పిస్టన్ పైకి వచ్చిందంటే గాలిని నొక్కుతున్నదో, పొగను బయటకు నెడుతున్నదో క్రాంక్ ఒక్కటే చెప్పలేదు. వాల్వులు తెరిచే క్యామ్ ఇరుసు ఆ రెండు చుట్లకు ఒకసారే తిరుగుతుంది కాబట్టి దానికి ఇంకో సెన్సార్. ఈ సెన్సార్లు కొన్నింటిలో హాల్ చిప్, మూడు వైర్లు. కొన్నింటిలో అయస్కాంతం మీద చుట్టిన తీగచుట్ట, రెండు వైర్లు.

కంప్యూటర్ వచ్చాక చెవితో వినే విద్యకు అందనిది చాలా మిగిలింది. అందుకని దాని చేతనే చెప్పించాలనుకున్నారు. 1981 నాటి జనరల్ మోటార్స్ కార్లలో సాకెట్‌లోని రెండు టెర్మినళ్లను వైరు ముక్కతో కలిపితే డ్యాష్‌బోర్డు దీపం మినుకుతుంది, లెక్కపెట్టుకోవాలి. ఒక మినుకు, విరామం, రెండు మినుకులు, అంటే కోడ్ 12. తిరుగుడు సంకేతం రావడం లేదని అర్థం. ఇంజన్ ఆపి చూస్తున్నారు కనుక అది సహజమే, దాన్ని చూసి కంప్యూటర్ బాగానే మాట్లాడుతోందని మెకానిక్ ధైర్యపడేవాడు. ఆ కార్ల మెకానిక్ మొదట చదవడం నేర్చుకున్న కోడే సెన్సార్ మౌనం గురించిందన్నమాట.

కంపెనీకో సాకెట్, కంపెనీకో అంకె. ఈ గందరగోళాన్ని కాలిఫోర్నియా మండలి పట్టుపట్టి విప్పించింది. 1996 నుంచి అమెరికాలో అమ్మే ప్రతి కారుకూ ఒకే పదహారు పిన్నుల సాకెట్, ఒకే కోడ్ భాష వచ్చాయి. ఓబీడీ-2 అంటే అదే.

మన దేశంలో కదలిక కోర్టు నుంచి వచ్చింది. 1999 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఢిల్లీ ప్రాంతంలో యూరో కాలుష్య ప్రమాణాలు పాటించాల్సిందేనని ఆదేశించింది. మారుతీ 800 సైతం కార్బురేటర్ వదిలి కంప్యూటర్ నడిపే ఇంధన ఇంజెక్షన్‌కు, అంటే ఎంపీఎఫ్‌ఐకి మారింది. 2010 ఏప్రిల్‌లో హైదరాబాద్ సహా 13 నగరాల్లో మొదలైన బీఎస్-4 కాలుష్య ప్రమాణం, 2017 ఏప్రిల్ నాటికి దేశమంతా పరుచుకుంది. 2020లో బీఎస్-6 వచ్చింది. జగిత్యాల, సిరిసిల్ల, ఆసిఫాబాద్ షెడ్లలో స్పానర్ల పక్కన స్కానర్ చేరింది ఇలాగే.

స్కానర్ వచ్చినంత మాత్రాన రోగం తేలిపోలేదు. కోడ్‌ను తీర్పుగా చదవడం దగ్గరే చాలా డబ్బు వృథా అవుతోంది. పి0335 అంటే క్రాంక్ సెన్సార్ సర్క్యూట్‌లోంచి సరైన సంకేతం అందలేదని మాత్రమే, సెన్సారే చెడిందని కాదు. తీగ ఒరుసుకుని తెగి ఉండవచ్చు, సాకెట్‌లో చిలుము పట్టి ఉండవచ్చు. వడ్లు, పత్తి నిలవున్న ఇంటి ముందు బండి పెడితే ఎలుక కొరికి ఉండవచ్చు. పి0336 అంటే సంకేతం వస్తోంది గాని లెక్క తప్పుతోంది. అప్పుడు చక్రం పళ్లను, సెన్సార్ సందును చూడాలి. పి0340 క్యామ్‌ది. అది పోయినా చాలా ఇంజన్లు ఆలస్యంగానైనా స్టార్టవుతాయి. పి0016 వస్తే రెండు సెన్సార్లూ మాట్లాడుతున్నాయి, వాటి మాట కలవడం లేదు. టైమింగ్ చైన్ సాగిందేమో, బెల్టు పన్ను జారిందేమో చూడకుండా సెన్సార్లు ఎన్ని మార్చినా ఆ కోడ్ మళ్లీ వస్తుంది.

ఇక ఎండలో ఆగి నీడలో నడిచే ఆ కారు సంగతి. తీగచుట్ట సెన్సార్‌లో సన్నని తీగ లోపల విరిగి ఉంటే చల్లగా ఉన్నప్పుడు కొసలు ఆనుకుని ఉంటాయి, వేడికి విడిపోతాయి. షెడ్డుకు చేరేసరికి చల్లబడుతుంది, మీటరు అన్నీ బాగున్నాయంటుంది. అందుకే తెలిసిన మెకానిక్ అది ఆగిపోయి ఉన్నప్పుడే పట్టుకుంటాడు. సెల్ఫ్ కొడుతూ స్కానర్‌లో ఆర్‌పీఎం చూస్తాడు. ఇంజన్ తిరుగుతున్నా అంకె సున్నా దగ్గరే ఉంటే సంకేతం రావడం లేదన్నమాట. సెన్సార్ మీద తడిగుడ్డ వేస్తాడు, స్టార్టయిందా అనుమానం బలపడినట్టే. విప్పి హెయిర్ డ్రయర్‌తో వేడిచేస్తూ మల్టీమీటర్ పెడితే నిరోధం ఒక్కసారిగా అనంతానికి పోవడం కంటికి కనిపిస్తుంది. హాల్ చిప్ ఉన్న మూడు వైర్ల సెన్సార్‌కు ఈ నిరోధం పరీక్ష పనికిరాదు. దానికి కరెంటు అందుతోందా, ఎర్త్ ఉందా, మూడో వైరులో సంకేతం వస్తోందా అన్నవే చూడాలి.

మీ బండికి ఈ కోడ్ వస్తే సెన్సార్ కొనేముందు వైరు, సాకెట్ చూశారా అని మెకానిక్‌ను అడగండి. కోడ్ పడ్డ క్షణాన ఇంజన్ ఎంత వేడిగా ఉందో, ఎంత వేగంతో తిరుగుతోందో ఫ్రీజ్ ఫ్రేమ్‌లో రాసి ఉంటుంది. కోడ్ చెరిపితే అదీ పోతుంది. చెరపకముందే ఆ తెరను ఫోన్లో ఫోటో తీసి పెట్టుకోండి.