తకోమాకు దారి చూపినవాడు

మబ్బు విడిచిన రోజున సియాటిల్‌లో మనందరికీ కనిపించే రెయినీర్ పర్వతం ఎత్తు 14,410 అడుగులు. ఇక్కడి ఆదివాసులు దాన్ని తకోమా అన్నారు. 1870 ఆగస్టులో స్టీవెన్స్, వాన్ ట్రంప్ అనే ఇద్దరికి స్లూయిస్కిన్ అనే ఆదివాసి దారి చూపాడు. మంచు అంచున ఆగిపోయి, పైకి వెళితే చస్తారని బతిమాలాడు. వారు వినలేదు. 17వ తేదీన శిఖరం చేరి, ఆ రాత్రి అగ్నిబిలంలో ఆవిరి వెచ్చదనంతో ప్రాణాలు నిలుపుకున్నారు. తిరిగొచ్చిన వారిని చూసి అతను దయ్యాలనుకున్నాడట!

నేను గైడుతో తాడు కట్టుకుని ఎక్కినప్పుడు, పన్నెండు వేల అడుగుల దగ్గర గాలి చూసి ఆయన వెనక్కి తిప్పాడు. నాకు కోపం వచ్చింది. 1981 జూన్‌లో ఇదే కొండమీద మంచుగడ్డలు విరిగిపడి పదకొండు మంది పోయారని దిగాక తెలిసింది. స్లూయిస్కిన్ బతిమాలడం ఎందుకో అప్పుడు అర్థమయింది.